మేదరి అల్లిన కోళ్ల గంప: ఏళ్ల తరబడి వాడాక

కోళ్ల గంప గురించి కొత్తగా చెప్పడానికి ఏముంటుందని చాలామందికి అనిపించవచ్చు. ఎత్తు, చుట్టుకొలత, బరువు నేను రాయబోవడం లేదు, ఏ సంతకు వెళ్లినా కళ్లకు కనబడేవే అవి. ఈ గంపలో నేను మెచ్చింది ఒక్కటే, వెదురు బద్దకూ బద్దకూ మధ్య మేదరి వదిలిపెట్టే సందు. సుమారు రెండు వేళ్లు పట్టేంత సందు. మిగతా సుగుణాలన్నీ దాని తర్వాతే.

పిల్లల కోడిని బోర్లించిన గంప కింద కమ్మి చూడండి. తల్లి లోపలే ఉంటుంది, పిల్లలు మాత్రం సందుల్లోంచి ఇష్టం వచ్చినట్టు తిరుగుతాయి. ముందు తల బయటపెట్టి ఇటూ అటూ చూస్తాయి. తర్వాత ఒక కాలు వస్తుంది. ఇంకా ఎగరడానికి పనికిరాని ఆ బుల్లి రెక్కలు బద్దకు ఒరుసుకుని కాసేపు ఇరుక్కుంటాయి, అంతలోనే ఒళ్లు ముడుచుకుని జారి బయటపడతాయి. అలా బయటపడ్డ పిల్ల తల్లి పిలుపు వినబడే మేర దాటి పోదు. వదిలేసిన తల్లయితే పిల్లలను వెంటేసుకుని ఊళ్లోని పెంటకుప్పలన్నీ తిప్పుకొస్తుంది, సాయంత్రానికి ఒకటో రెండో తక్కువవుతాయి. గంప కింద ఉన్నదానికి ఆ వీలు లేదు. పైన గద్ద తిరుగుతుంటే తల్లికి మనకంటే ముందే తెలుస్తుంది. గొంతు మారుస్తుంది. ఆ మాట వినగానే పిల్లలన్నీ తలో వైపు నుంచి సందుల్లో దూరి రెక్కల కిందికి చేరిపోతాయి. గద్ద దిగినా కాకి వాలినా గోటికి తగిలేది వెదురే.

పదిరోజుల పిల్లలయ్యాక మేత వేళకు గంపను తిరగేసి వాడతాను, అంటే పనిని తిరగేస్తాను. నూకలు, తవుడు గంప కింద పెట్టి తల్లిని బయటికి వదులుతాను. పెరట్లోని పెద్ద కోళ్లన్నీ గంప చుట్టూ ప్రదక్షిణ చేస్తాయి, మెడలు చాస్తాయి, పళ్లెం మాత్రం అందదు. పిల్లలు నడిమధ్యన తీరిగ్గా తింటాయి. అంతకుముందు వాటికోసం చల్లిన గింజల్లో సగం పుంజులే మింగేసేవి. దాణా ఖర్చు తగ్గిందని చెప్పడానికి నా దగ్గర లెక్కల పుస్తకం లేదు కానీ పిల్లల ఒళ్లు చూస్తే తెలుస్తుంది.

ఇంకొక తమాషా కూడా ఉంది. మూడు వారాలు దాటేసరికి నాటుపిల్ల ఆ సందులో పట్టదు. ఒక పొద్దున తల దూర్చి, రొమ్ము అడ్డుపడి, వెనక్కి వచ్చి గంపెక్కి కూర్చుంటుంది. కూర్చుని కింద ఉన్న తల్లి మీదే రెట్ట వేస్తుంది. ఆ రోజు నుంచి తల్లిని కమ్మడం మానేయవచ్చు. పిల్లలు లోపలికి దూరలేనప్పుడు తల్లిని కింద ఉంచి లాభం లేదు.

ఇంతగా మెచ్చుకున్నాను కాబట్టి పాము సంగతి కూడా చెప్పాలి.

తెల్లవారి వెలుగు పరుచుకుంటున్న వేళ. గంప కింది కోడి అరుపు విని లేచాను. పిల్లి వచ్చినప్పటి అరుపు కాదది, గుక్క తిప్పుకోకుండా ఒకే శ్రుతిలో సాగుతోంది. వెళ్లి చూస్తే తల్లి గంపలో ఒక పక్కకు ఒదిగి, ఈకలన్నీ నిక్కబొడుచుకుని నిలబడి ఉంది. ఎదురుగా పాము. తలా, మూరెడు ఒళ్లూ సందులోంచి బయటికి వచ్చాయి, మిగిలింది లోపలే ఉంది. వచ్చినప్పుడు ఖాళీ కడుపుతో సులువుగా దూరింది. రెండు పిల్లలను మింగాక కడుపు ఉబ్బి బద్దల మధ్య బిగుసుకుపోయింది. ముందుకు లాగితే ఉబ్బు అడ్డం పడుతోంది, వెనక్కి పోదామంటే తల్లి తోక మీద పొడుస్తోంది. అది గింజుకుంటుంటే గంప మొత్తం కదిలింది కానీ ఒక్క బద్ద విరగలేదు, ఒక్క అల్లిక వదులు కాలేదు. పనితనానికి ఇంతకంటే పెద్ద పరీక్ష ఏ మేదరీ ఊహించి ఉండడు.

నేను నాగుపామేమోనని వెనక్కి తగ్గాను. మా అత్తయ్య వచ్చి ఒక్క చూపు చూసి, “జెర్రిపోతు. దాన్ని వదిలెయ్, ముందు పిల్లల్ని లెక్క చూడమ్మా” అన్నారు. పొడవాటి వాసం ఒకటి అంచు కింద పెట్టి గంపను పైకి లేపారు. తల్లి ఒక్క ఉరుకున బయటపడింది. కాసేపటికి పాము నోరు వెళ్లబెట్టి మింగినవాటిని కక్కేసింది. బెదిరిన పాము అలా చేస్తుందట, ఒళ్లు తేలికైతేనే పారిపోగలదు కదా. తర్వాత సందులోంచి మెత్తగా జారి గడ్డివాము వైపు పోయింది. జెర్రిపోతుకు విషం లేదు, ఏడాది పొడవునా మా గాదె చుట్టూ ఎలుకలు పట్టేది బహుశా అదే. చంపుదామన్న పక్కింటివారిని అత్తయ్యే ఆపారు. కక్కిన పిల్లలు తడిసి ముద్దయి, ఈకలు జిగురుగా అంటుకుపోయి పడి ఉన్నాయి. బతకలేదు.

పిల్లను పోనిచ్చే సందు పామును కూడా పోనిస్తుంది. ముంగిస పిల్లను కూడా పోనిస్తుంది. దీనికి మందు వెతకాలని మా మేదరిని కింది జానెడు మేర దట్టంగా అల్లిపెట్టమని అడిగాను. కాస్త ఎక్కువ తీసుకుని అల్లిచ్చాడు. ఆ ఎత్తుకు పిల్లలు ఎగరలేవు, బయటే నిలబడి కియ్‌కియ్‌మని ఏడ్చాయి. ఆ గంప ఇప్పుడు పుంజుకు పోయింది. రాత్రి గోనెపట్టా కప్పి చుట్టూ రాళ్లు పెడితే పాము రాదు, గాలి కూడా రాదు. మే నెలలో తల్లి నోరు తెరిచి రొప్పుతుంటే చూడలేక పట్టా తీసేయాల్సి వచ్చింది. కాబట్టి నా గంప ఇప్పుడు పగటి గంప. చీకటి పడే ముందు తల్లీపిల్లలను ఇటుక గూట్లోకి చేర్చి తలుపు వేస్తాం. రోజూ పొద్దుగూకే వేళకు ఇంటిపట్టున ఎవరో ఒకరు ఉండాలన్న మాట. మా ఇంట్లో ఉంటారు, అందరి ఇళ్లలో ఉండరు.

మన్నిక గురించి రెండు ముక్కలు. వెదురు పైపొరతో తీసిన బద్దలు నిగనిగలాడుతూ ఉంటాయి, అవి గట్టివి. లోపలి పొర బద్దల్లో పిండిపదార్థం ఎక్కువ, పురుగు ముందు వాటినే పడుతుంది. నా మొదటి గంపలో రెండూ కలిపి అల్లారు. వానాకాలం దాటాక గంప కింద సన్నటి పొడి రాలడం మొదలైంది, ఆ తర్వాత లోపలి బద్దలు ఒక్కొక్కటే పుచ్చి విరిగాయి, పైపొర బద్దలు మాత్రం ఇప్పటికీ ఉన్నాయి. చీల్చే ముందు వెదురును కొన్నాళ్లు నీళ్లలో నానబెడితే ఆ పిండి చాలావరకు పోతుంది. నానబెట్టిందా అని అడగండి, సమాధానం చెప్పడానికి మేదరి తడుముకుంటే పక్క దుకాణానికి వెళ్లండి. మంచి వెదురు దొరకడమే కష్టమని వాళ్లూ అంటారు. 2017లో అటవీ చట్టాన్ని సవరించి, అడవి బయట పెరిగే వెదురును చెట్టు నిర్వచనంలోంచి తీసేశారు కానీ కణుపుకూ కణుపుకూ మధ్య దూరం ఎక్కువున్న, అల్లికకు వంగే వెదురు మా సంత దాకా ఎంత వస్తోందో నాకైతే కనబడదు. గంప ధర మాత్రం పెరుగుతూనే ఉంది.

శుభ్రం సంగతి వస్తే ప్లాస్టిక్ గంపదే పైచేయి అని ఒప్పుకోవాలి. అల్లిక సందుల్లో కోళ్ల పిడుదులు దాక్కుంటే కడిగినా పోవు. వేపాకు మరిగించిన నీళ్లు పోసి, మండుటెండలో బోర్లా వెల్లకిలా తిప్పుతూ ఆరబెడతాను. కోళ్లకు అంటుకునే కొక్కెర తెగులు సోకిన ఇంటి గంపను అరువు తీసుకోవద్దు, మీది అరువు ఇవ్వద్దు. ప్లాస్టిక్‌ది నేనూ ఒకటి కొన్నాను. కడగడానికి హాయి, కానీ రంధ్రాలు చిన్నవి, పిల్ల పట్టదు. పైగా ఎండకు పెళుసెక్కి అంచు విరిగింది.

కొనాలా వద్దా అంటే, మీ పెరట్లో ఏ కోడి ఉందో చూడాలి. పొదుగుకు కూర్చునే నాటుకోడి ఉంటే, అది పదో పన్నెండో గుడ్లు 21 రోజులు పొదిగి దిగాక ఈ గంపకు సాటి లేదు. బల్బు అక్కర్లేదు, కరెంటు పోతే గుండె గుభేలుమనదు. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ నుంచి వచ్చిన గ్రామప్రియ, వనరాజా లాంటి రకాలైతే దారి వేరు. అవి బాగానే గుడ్లు పెడతాయి, పొదుగు మాత్రం అంతగా ఎరగవు. ఆ పిల్లలకు మొదటి వారం 35 డిగ్రీల దాకా వేడి ఇచ్చి వారం వారం తగ్గించుకుంటూ రావాలి. తల్లే లేనప్పుడు గంప కింద ఎవరిని కమ్ముతారు? మా చెల్లెలు చోటు తక్కువని కుందేళ్లను ఒక గంప కింద పెట్టి చూసింది. రాత్రికి రాత్రే బద్దలు కొరికి దారి చేసుకున్నాయి, కొరకనిది గొయ్యి తవ్వింది. వాటికి ఇనుప వల ఉన్న పెట్టే గతి.

ఇక కొనేవారికి, మా గోదావరి వైపు సంక్రాంతికి ముందు గంప ధర అడగకండి. పందెం పుంజులను విడివిడిగా కమ్మి పెట్టుకోవడానికి అప్పుడు అందరికీ గంపలే కావాలి. పండగ వెళ్లిన తర్వాతి సంతలో అదే మేదరి, అదే గంప, బేరమాడే ఓపిక కూడా ఇద్దరికీ ఉంటుంది.