స్టెప్నీ ఎక్కడ పెట్టాలి? నాలుగు చోట్లు మార్చాక నా మాట

నాది డబుల్ క్యాబ్ పికప్, ఫోర్ వీల్ డ్రైవ్. 2017లో కొన్నాను, మీటరు లక్షా పది వేలు దాటింది. దాచేదేముంది, అందులో సగం హైదరాబాద్–విజయవాడ హైవేనే. మిగతా సగంలో మారేడుమిల్లి, గుడిస కొండ, రెండుసార్లు హిమాచల్‌లోని స్పితి, ఒకసారి లద్దాఖ్‌లో హాన్లే దాకా. ఈ తిరుగుళ్లలో స్టెప్నీ నాలుగు చోట్లు మారింది. తొట్టి (వెనక సామాను వేసే భాగం) కింద, టాప్ మీద, వెనక బంపర్‌కి చేయి పెట్టించి, చివరికి తొట్టిలోపల.

కంపెనీ ఇచ్చిన చోటు తొట్టి కిందే. గొలుసుకి వేలాడుతుంది, వెనక చిన్న కన్నంలోంచి రాడ్ దూర్చి తిప్పితే దిగుతుంది. ఊళ్లో తిరిగే బండికి ఇంతకంటే మంచి చోటు లేదు. బరువు కిందే ఉంటుంది, తొట్టి మొత్తం ఖాళీ. మొదటి ఏడాది దాన్ని ముట్టుకోవాల్సిన పనే పడలేదు. అదే నా కొంప ముంచింది.

2018 జూన్‌లో, మొదటిసారి స్పితి వెళ్లినప్పుడు, లోసర్ ఊరు దాటి కుంజుమ్ కనుమ ఎక్కుతుంటే వెనక ఎడమ టైరు సైడ్ వాల్ (పక్క గోడ) రాయికి చీరుకుపోయింది. సైడ్ వాల్ పోతే పంక్చర్ కిట్ దండగ. రాడ్ దూర్చాను, తిరగదు. దారిలో దాటిన వాగుల బురదంతా గొలుసు చక్రంలో చేరి గట్టిపడిపోయింది, దాని కింద తుప్పు. గాలి పోయిన వైపు బండి వాలిపోయి ఉంది కాబట్టి గొలుసు దిగినా కింద సందు లేదు, చక్రం బయటికి రాదు. ముందు జాకీ పెట్టి లేపాలి, అది కూడా గులకరాళ్ల మీద. కాసేపటికి బండి కిందనుంచి మా బావమరిది గొంతు వినిపించింది: "బావా, ఇది వచ్చేలా లేదు, గొలుసు తెంపేద్దామా?"

"తెంపితే మళ్లీ దేనికి కడతావురా?"

గంటన్నర పట్టింది. దాదాపు నాలుగున్నర వేల మీటర్ల ఎత్తులో బోర్లా పడుకుని, నోట్లో మట్టితో. తీరా దించి చూస్తే స్టెప్నీలో గాలి 12 పీఎస్ఐ, ఉండాల్సిన దాంట్లో సగం కూడా లేదు! కంటికి కనపడని చక్రానికి గాలి చూడాలని ఎవరికి గుర్తుంటుంది? వెంట గాలి కొట్టే ఇన్‌ఫ్లేటర్ ఉండబట్టి బతికాం.

ఇంటికొచ్చాక టైర్లు 245/70 ఆర్16 నుంచి 265/70 ఆర్16కి మార్చాను. వ్యాసం 28 మిల్లీమీటర్లు పెరిగింది, వెడల్పు 20. కాగితం మీద చిన్న తేడానే కానీ కింద గూట్లో సైలెన్సర్ పైపుకీ టైరుకీ మధ్య వేలు పట్టేంత సందు మిగిలింది. దాంతో అక్కడ పెట్టే ఆలోచన మానుకున్నాను.

టాప్ సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. కొత్త చక్రం, టైరుతో కలిపి కాటా మీద 33 కిలోలు తూగింది. దాన్ని తల మీంచి ఎత్తి క్యారియర్ మీద పెట్టడం ఇద్దరి పని. గుడిస ఒక్క ట్రిప్పులోనే వంపుల దగ్గర బండి ఊగడం ఒంటికి తెలిసింది, చెట్టు కొమ్మలు తగిలాయి. దించేశాను. ఫొటోల్లో మాత్రం భలే ఉంటుంది, ఒప్పుకుంటాను.

తర్వాత అందరూ మెచ్చుకునే పద్ధతి. వెనక బంపర్‌కి ఇనుప చేయి, దానికి స్టెప్నీ, తలుపులా పక్కకి తిరుగుతుంది. వెల్డింగ్ షాపులో చేయించాను. మొదటి ఆరు నెలలూ నాకంటే సుఖపడ్డవాడు లేడు. నడుము ఎత్తులో చక్రం, నాలుగు నట్లు, అయిపోయింది. గాలి చూడటం కూడా నిలబడే.

కానీ బరువు లెక్క చూడండి. చక్రం 33, ఇనుము 40, మొత్తం 73 కిలోలు, వెనక ఇరుసుకి 1.2 మీటర్లు అవతల. నా బండి వీల్‌బేస్, అంటే ముందు వెనక ఇరుసుల మధ్య దూరం, సుమారు 3.1 మీటర్లు. తక్కెడ లెక్కన ముందు ఇరుసు మీద 28 కిలోలు తగ్గి, వెనక ఇరుసు మీద 101 పడుతుంది. అంటే 73 పెట్టి 101 మోస్తున్నాం. తొట్టి నిండా సామాను కూడా ఉంటే ఘాట్‌లో స్టీరింగ్ తేలికైపోవడం తెలుస్తుంది. పైగా తొట్టి డోరు తెరవాలంటే ముందు ఈ చేయి తిప్పాలి. వాలులో బండి ఆపితే అది తిరిగొచ్చి మోకాలికి తగులుతుంది (రెండుసార్లు తగిలింది, మూడోసారికి తాడు కట్టాను). నంబర్ ప్లేటు, లైటు మరుగున పడకుండా పక్కకి మార్చాలి, లేకపోతే చలానా ఖాయం. 2022లో రెండోసారి స్పితి వెళ్లినప్పుడు, అలలు అలలుగా ఉండే గతుకుల మీద రోజుల తరబడి అదిరి అదిరి మడతబందు దగ్గర వెల్డింగ్ పగిలింది. స్పితిలో పెద్ద ఊరు కాజా వెళ్లేదాకా తాళ్లతో కట్టి నడిపాం.

థార్, గూర్ఖా లాంటి బళ్ల సంగతి వేరు. వాటి వెనక డోరు స్టెప్నీ మోయడానికే కట్టింది, ఆ చివర కూడా పొట్టి. పికప్‌కి వెనక తోక పొడుగు. అందుకే వాళ్ల అనుభవం నాకు పనికిరాలేదు.

ఇప్పుడు రెండేళ్లుగా తొట్టిలోనే, క్యాబిన్ గోడకి ఆనించి ఎడమవైపు నిలబెట్టాను. వెనక ఇరుసుకి ముందు కాబట్టి బరువు రెండు ఇరుసుల మధ్యకి వస్తుంది. 4 మిల్లీమీటర్ల ప్లేటు తొట్టి నేలకి బిగించి, దానిమీద స్టాండు. కింద కూడా ఒక ప్లేటు తప్పకుండా వేయించండి, లేకపోతే పల్చటి రేకు బోల్టు చుట్టూ చిరిగిపోతుంది. చక్రం మధ్యలోంచి ఒకే బోల్టు, పైనుంచి లాగి బిగించే రాట్చెట్ బెల్టు. ఖర్చు నాలుగున్నర వేలు. హాన్లే వెళ్లొచ్చినా కదల్లేదు.

లోపాలు లేకపోలేదు. మొదటిది, తొట్టి పొడవులో 28 సెంటీమీటర్లు పోయింది, మా ఆవిడ గ్యాస్ స్టవ్ పెట్టె ఇప్పుడు వెనక సీటు కాళ్ల దగ్గర. వెనక అద్దంలోంచి సగమే కనిపిస్తుంది. స్టెప్నీ దించడం తేలికే, డోరు దాకా దొర్లిస్తే చాలు. చెడిపోయిన బురద టైరుని మళ్లీ పైకెక్కించడమే ఒక్కడికి కష్టం. దానికి ఒక చెక్క పలక పెట్టుకున్నాను, వాలుగా వేసి దొర్లిస్తాను. టైరు మీద పాత గోనెసంచి తొడిగితే సామాను పాడవదు.

కింద గూడు ఖాళీగా వదల్లేదు. పాత సైజు చక్రం ఒకటి లాంగ్ ట్రిప్పుల్లో రెండో స్టెప్నీగా అక్కడ ఉంటుంది. అత్యవసరానికి, అదీ ముందు చక్రానికే, పంక్చర్ షాపు దాకా మాత్రమే. మామూలుగా ఇంజన్ తిప్పేది వెనక ఇరుసునే, అక్కడ వేస్తే రెండు సైజులై డిఫరెన్షియల్‌కి (రెండు చక్రాలకీ తిప్పుడు పంచే గేర్లకి) పని పెరుగుతుంది. ముందు వేసినప్పుడు కూడా ఫోర్ వీల్ జోలికి వెళ్లను. రెండు నెలలకోసారి దించి, గొలుసు కడిగి, గ్రీజు పెట్టి, గాలి చూసి ఎక్కిస్తాను. ఒకసారి ఒక లాడ్జి పార్కింగ్‌లో పక్క బండికి కింద స్టెప్నీ రాత్రికి రాత్రి మాయమైంది, అప్పటినుంచి గొలుసుకి తాళం కూడా.

తొట్టి స్టాండు చేయించుకునేవాళ్లు చక్రం నట్లకి సరిపోయే స్పానరే ఆ మధ్య బోల్టుకీ సరిపోయేలా అడగండి. నాది వేరే సైజు. హాన్లే దారిలో ఆ స్పానర్ ఇంట్లో మర్చిపోయిన సంగతి గుర్తొచ్చి రెండు రోజులు టెన్షన్ పడ్డాను. అదృష్టం, ఆ ట్రిప్పులో ఒక్క పంక్చర్ కూడా పడలేదు.