మేకర్స్ మార్కా, వైల్డ్ టర్కీ 101ఆ: ఏది మేలు?

బర్బన్ అనే అమెరికన్ విస్కీని కొత్తగా మొదలుపెట్టేవాళ్లు షాపులో ఈ రెండు సీసాల ముందు తటపటాయిస్తుంటారు. ఒకదాని మెడ నిండా కారిన ఎర్ర లక్క, ఇంకోదాని మీద టర్కీ కోడి బొమ్మ. రెండూ అమెరికాలోని కెంటకీ రాష్ట్రానివే. రెండు లేబుళ్లూ తాతలనాటి సరుకు అన్నట్టే కనిపిస్తాయి. లోపలున్నదానికి మాత్రం ఒకదానికొకటి పొంతనే లేదు. నా ఓటు ఎటో ముందే చెప్పేస్తాను: ఒక్క సీసాయే కొనాలంటే వైల్డ్ టర్కీ 101 (ఆ అంకె ఆల్కహాల్ బలానికి అమెరికా కొలత, మన లెక్కలో 50.5 శాతం). అలాగని మేకర్స్ మార్క్‌ని తీసిపారేయలేం. అది గెలిచే చోట్లు వేరే ఉన్నాయి.

బర్బన్ అనిపించుకోవాలంటే అమెరికా చట్టం ప్రకారం ధాన్యంలో కనీసం 51 శాతం మొక్కజొన్న ఉండాలి, లోపల కాల్చిన కొత్త ఓక్ పీపాలో నిలవ ఉంచాలి, రంగు గానీ ఫ్లేవర్ గానీ కలపకూడదు. మన దగ్గర చవకరకం విస్కీలు చాలావరకు మొలాసిస్ స్పిరిట్‌తో తయారై, కారమెల్‌తో రంగు తెచ్చుకునేవే కాబట్టి ఈ చివరి నిబంధన విలువ మనకు తెలుసు. బర్బన్‌కి ఆ రంగు, ఆ వెనిల్లా వాసన చెక్క ఇచ్చినవే. ఒకసారి వాడిన పీపా మళ్లీ బర్బన్‌కి పనికిరాదు. అలాంటివి చాలావరకు స్కాట్లాండ్ చేరి స్కాచ్‌కి పనికొస్తాయి.

ఇక వంశ చరిత్రలు. మేకర్స్ మార్క్ సీసా మీద ఒక నక్షత్రం, ‘ఎస్’ అక్షరం, రోమన్ అంకెల్లో నాలుగు ఉంటాయి. స్టార్ హిల్ ఫార్మ్, శామ్యూల్స్ కుటుంబం, నాలుగో తరం అని వాటి లెక్క. వంశం పాతదే, విస్కీ మాత్రం కొత్తది. బిల్ శామ్యూల్స్ సీనియర్ 1953లో లొరెటో అనే చిన్న ఊళ్లో పాత డిస్టిలరీ కొన్నాడు. తాతముత్తాతల నుంచి వచ్చిన రెసిపీని తగలబెట్టాడని, ఆ మంటకి ఇంట్లో పరదాలు కూడా అంటుకున్నాయని ఆ కుటుంబం చెప్పుకుంటుంది. కొత్త రెసిపీ కోసం విస్కీ కాచి ఏళ్లకేళ్లు ఎదురుచూసే తీరిక లేక, రకరకాల ధాన్యాల పాళ్లతో రొట్టెలు కాల్చి రుచి చూశారట. పేరు, సీసా ఆకారం, లక్క అన్నీ ఆయన భార్య మార్జీ ఆలోచనలే. వంటింట్లో డీప్ ఫ్రయర్‌లో లక్క కరిగించి సీసా మెడ ముంచి చూసింది ఆవిడే. ఇప్పటికీ డిస్టిలరీలో ఒక్కో సీసానీ చేత్తోనే ముంచుతారు, అందుకే ఏ రెండు సీసాల మీదా లక్క ఒకేలా కారదు. (మూత తీయడానికి కత్తి తెచ్చుకునేవాళ్లుంటారు. అక్కర్లేదు, లక్క కింద చిన్న పట్టీ ఉంటుంది, దాన్ని పట్టుకుని లాగితే చాలు.) మొదటి పీపా 1954లో నింపారు, సీసాలు 1958లో మార్కెట్లోకి వచ్చాయి.

అదే 1954లో, అదే రాష్ట్రంలోని లారెన్స్‌బర్గ్‌లో జిమ్మీ రస్సెల్ అనే కుర్రాడు ఇప్పుడు వైల్డ్ టర్కీ తయారయ్యే డిస్టిలరీలో పనికి చేరాడు. తర్వాత మాస్టర్ డిస్టిలర్ అయ్యాడు, కొడుకు ఎడ్డీని, మనవడు బ్రూస్‌ని కూడా అదే పనిలోకి దించాడు. వైల్డ్ టర్కీ అనే పేరు అంతకంటే ముందుది. ఆస్టిన్ నికల్స్ అనే కంపెనీ అధికారి థామస్ మెకార్తీ 1940లో టర్కీ కోళ్ల వేటకు పోతూ కాస్త విస్కీ పట్టుకెళ్లాడని, తర్వాత మిత్రులు ఆ ‘వైల్డ్ టర్కీ విస్కీ’యే కావాలని వెంటపడ్డారని చెబుతారు. ఆ కంపెనీ లారెన్స్‌బర్గ్ డిస్టిలరీని కొన్నది 1971లో మాత్రమే. అంటే కథలో మేకర్స్ మార్క్‌దే పైచేయి.

కానీ నా లెక్కలో వారసత్వం అంటే లేబుల్ మీది బొమ్మ కాదు, కష్టకాలంలో ఏం మార్చకుండా నిలబెట్టుకున్నారన్నది. 1970ల్లో జనం వోడ్కా వైపు మళ్లి బర్బన్ అమ్మకాలు పడిపోయినప్పుడు చాలామంది తమ విస్కీని పలచన చేసి తేలికపరిచారు. రస్సెల్ 101 జోలికి పోలేదు. మేకర్స్ మార్క్ 2013లో సరుకు చాలడం లేదని ఆల్కహాల్‌ని 45 శాతం నుంచి 42కి దించుతామని ప్రకటించింది. అభిమానులు మండిపడ్డారు, కొద్ది రోజుల్లోనే వెనక్కి తగ్గింది. తప్పు దిద్దుకున్నందుకు మెచ్చుకోవాలి. అయినా ఈ విషయంలో నాకు రస్సెలే నచ్చుతాడు.

అసలు తేడా రెండో ధాన్యంలో ఉంది. మేకర్స్ మార్క్‌లో 70 శాతం మొక్కజొన్న, 16 శాతం గోధుమ, 14 శాతం మొలకెత్తించిన బార్లీ. వైల్డ్ టర్కీలో 75 శాతం మొక్కజొన్న, 13 శాతం రై (గోధుమ లాంటి ఘాటైన ధాన్యం), 12 శాతం బార్లీ. గోధుమ మెత్తగా, తీయగా ఉంటూ మొక్కజొన్న తీపికి అడ్డు రాదు. రై ఘాటుగా అడ్డొస్తుంది, నాకు అదే ఇష్టం.

పీపా దగ్గర తేడా ఇంకా పెద్దది. మేకర్స్ మార్క్ పీపాల్ని మొదట గోదాం పై అంతస్తుల్లో, అంటే వేడి ఎక్కువగా ఉండే చోట పెట్టి, ఏళ్లు గడిచాక కిందికి దించుతారు. బోలెడు చాకిరీ, కానీ ప్రతి సీసా ఒకే రుచితో రావడానికి అదే కారణం. వైల్డ్ టర్కీ పీపా పెట్టినచోటే ఉంటుంది. వేర్వేరు అంతస్తుల్లోని పీపాల్ని కలిపి రుచి కుదురుస్తారు. ఆ పీపాల్ని లోపల బాగా లోతుగా కాలుస్తారు. బొగ్గు పొర మొసలి చర్మంలా నెర్రెలిస్తుంది, విస్కీ ఆ నెర్రెల్లోంచి చెక్కలోకి ఇంకి మళ్లీ బయటికొస్తుంది. చట్టం పీపాలోకి 62.5 శాతం ఆల్కహాల్ దాకా ఒప్పుకుంటుంది. వైల్డ్ టర్కీ 57.5 దగ్గరే ఆగుతుంది, మేకర్స్ మార్క్ ఇంకా తగ్గి 55కే నింపుతుంది. తక్కువ బలంతో నింపితే చివర్లో కలిపే నీళ్లూ తక్కువే, చెక్క రుచి పలచబడదు. వైల్డ్ టర్కీ సీసాలోకి 50.5 శాతంతో వస్తుంది కాబట్టి ఆ లాభం నాలుకకి బాగా తెలుస్తుంది.

రెండూ చెరో గ్లాసులో, ఐసు లేకుండా పోసి చూడండి. మేకర్స్ మార్క్ వాసనలో పాకం, వెనిల్లా, కాస్త పండిన పళ్లు. నోట్లో మొదటి క్షణం నుంచే తీపి, నాలుక ముందుభాగంలోనే ఆడుతుంది, గొంతు దిగాక తొందరగా సద్దుమణుగుతుంది. మంట దాదాపు లేదు. వైల్డ్ టర్కీ వాసనలో ముందు అదే వెనిల్లా, దాని వెనకే నారింజ తొక్క, లవంగం, దాల్చినచెక్క. గుటక వేశాక మిరియాల ఘాటు నాలుక పక్కలకి పాకి, ఓక్ వగరు చాలాసేపు మిగులుతుంది. మనకి అలవాటైన 42.8 శాతం విస్కీల తర్వాత ఈ 50.5 మొదటి గుటకలో గట్టిగానే తగులుతుంది. అర చెంచా నీళ్లు వేసి ఒక నిమిషం ఆగండి. మంట తగ్గి నారింజ వాసన పైకొస్తుంది. అదే నీళ్లు మేకర్స్ మార్క్‌లో వేస్తే విస్కీ చప్పబడుతుంది.

కాబట్టి విస్కీ అంటేనే మొహం చిట్లించే బావగారికి మొదటిసారి పోయాలంటే మేకర్స్ మార్క్, రెండో ఆలోచన వద్దు. ఎవరికైనా బహుమతి ఇవ్వాలన్నా అదే, ఆ లక్క సీసా చూడ్డానికే బాగుంటుంది. ఐసు, సోడా, ఓల్డ్ ఫ్యాషన్డ్ లాంటి కాక్‌టెయిల్ అయితే వైల్డ్ టర్కీ. చక్కెర, బిటర్స్ అనే చేదు చుక్కలు పడ్డా ఐసు కరిగినా దాని గొంతు వినిపిస్తూనే ఉంటుంది.

ఇండియాలో బర్బన్ మీద దిగుమతి సుంకం 2025 ఫిబ్రవరిలో 150 శాతం నుంచి 100కి తగ్గించారు, అయినా రాష్ట్రాల పన్నులు కలిసేసరికి ఏదీ చవక కాదు. అమెరికాలో ఉన్నవాళ్లకి ఆ బాధ లేదు, రెండూ మామూలు షాపుల్లోనే దొరుకుతాయి. గోధుమ మెత్తదనమూ కావాలి, బలమూ తగ్గకూడదు అనుకుంటే మేకర్స్ మార్క్‌లోనే నీళ్లు కలపకుండా నింపే కాస్క్ స్ట్రెంత్ ఉంది. దాంతో పోల్చాల్సి వస్తే మాత్రం వైల్డ్ టర్కీకి నేను ఇంత తేలిగ్గా ఓటు వేయలేను.