సైకిలు మీది వస్తువులకు ఏది మేలు: ఊడదీసి తీసుకెళ్ళడమా, ఊడకుండా బిగించడమా?

సైకిలుకు ఏ తాళం కొనాలని అడిగేవారు ఈమధ్య తగ్గారు. సైకిలు పెట్టినచోటే ఉంటోంది గాని దాని మీది లైటో, పంపో, సీటు కింది సంచీయో మాయమవుతోందని, వాటిని దిగిన ప్రతిసారీ ఊడదీసి వెంట తీసుకెళ్ళాలా, లేక ఎవరి చేతికీ ఊడనట్టు ఒక్కసారే బిగించేయాలా అని అడిగేవారు మాత్రం పెరిగారు. రెండు పద్ధతులకూ గట్టి సమర్థకులున్నారు. నేను రెంటినీ కలిపి వాడుతున్నాను గాని, సమానంగా కాదు. మొగ్గు ఎటో, ఎందుకో కింద చెబుతాను.

ముందుగా దొంగ ఎవరన్నది తేల్చుకోవాలి. సైకిలునే ఎత్తుకుపోయేవాడు వేరు, సైకిలు మీది వస్తువును కాజేసేవాడు వేరు. మొదటివాడు ముందే చూసిపెట్టుకుని, కట్టరు వెంట తెచ్చుకుని వస్తాడు. రెండోవాడు చాలావరకు ఆ దారిన పోతూ, చెయ్యి వేస్తే ఊడి వచ్చేదాన్ని జేబులో వేసుకుని నడిచిపోయే మనిషి. అపార్ట్‌మెంటు సెల్లారులో ఆడుకునే పిల్లలు కూడా కావచ్చు. వెనకటి సినిమాహాళ్ళ సైకిల్ స్టాండుల్లో టోకెన్లు ఇచ్చి కాపలా కాసినా, చేత్తో తిప్పితే వచ్చే బెల్లు మూతలు పోతూనే ఉండేవి. ఫోర్కుకు బోల్టు వేసి బిగించిన డైనమో జోలికి పోవాలంటే స్పానరు కావాలి, నిలబడి తిప్పే తీరికా కావాలి. అందుకే నా లెక్కలో అన్నిటికన్నా ముందు అడగవలసిన ప్రశ్న ఒకటే: ఆ వస్తువు ఉత్త చేతికి ఊడుతుందా, ఊడదీయడానికి పనిముట్టు కావాలా?

ఈ ప్రశ్న వేసి ఇప్పటి సైకిలును చూస్తే, దాని మీద ఉన్నవన్నీ ఉత్త చేతికి ఊడేవే. లైట్లకు సిలికాన్ పట్టీ, సంచీకి వెల్క్రో, వేగం, దూరం చూపే సైకిలు కంప్యూటరుకు పావు మలుపు తిప్పితే వచ్చే మౌంటు, పంపుకు ప్లాస్టిక్ క్లిప్పు ఉంటాయి. హైబ్రిడ్ సైకిళ్ళలో సీటు గొట్టానికి కూడా చేత్తో తిప్పితే వదులయ్యే క్విక్ రిలీజు లీవరే ఉంటుంది. ఇటలీకి చెందిన తుల్లియో కంపాగ్నోలో పేరుతో ముడిపడిన క్విక్ రిలీజు పందెపు సైకిళ్ళ చక్రాలను క్షణంలో మార్చడానికి పుట్టినది. ఇంట్లో ఒకే మనిషి తొక్కే సైకిలుకు, ఏడాది పొడవునా ఒకే ఎత్తులో ఉండే సీటుకు ఆ లీవరు ఎందుకో నాకు ఇప్పటికీ బోధపడదు.

పోయాక తిరిగి రాబట్టుకోవడం మీద ఆశ పెట్టుకోవద్దని కూడా ఇక్కడే చెప్పాలి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 303వ సెక్షను ప్రకారం, దొంగిలించిన సొత్తు విలువ 5,000 రూపాయల లోపు ఉండి, దోషిగా తేలడం అదే మొదటిసారి అయి, సొత్తును గాని దాని విలువను గాని తిరిగి ఇచ్చేస్తే, శిక్ష సమాజ సేవతో సరిపోతుంది. అంతకన్నా మనకు తగిలే సంగతి, నేర విచారణ పద్ధతిని నిర్దేశించే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత మొదటి షెడ్యూలులో ఉంది. 5,000 రూపాయల లోపు దొంగతనాన్ని అది నాన్ కాగ్నిజబుల్ నేరాల్లో చేర్చింది గనుక, మేజిస్ట్రేటు ఉత్తర్వు లేకుండా పోలీసులు దర్యాప్తు చేయడానికి వీల్లేదు. లైటు, పంపు, సంచీ, సీటు విడివిడిగా చూస్తే దాదాపు అన్నీ ఆ గీతకు కిందే ఉంటాయి. కాబట్టి జాగ్రత్త ఏదైనా పోకముందే పడాలి.

ఊడదీసి తీసుకెళ్ళే పద్ధతికి ఉన్న బలం ఎవరూ కాదనలేనిది: సైకిలు మీద లేని వస్తువును ఎవరూ దొంగిలించలేరు. ఖర్చు లేదు, పనిముట్టు అక్కరలేదు, అమ్మేటప్పుడు సైకిలుకు వంక రాదు. ఉదయం ఆఫీసు సెల్లారులో ఒకసారి ఆపి, సాయంత్రం దాకా మళ్ళీ ముట్టుకోనివారికి ఇది చక్కగా సరిపోతుంది. హైదరాబాదు ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో తెరిచిన 23 కిలోమీటర్ల సోలారు కప్పు ట్రాకు మీద తొక్కి నేరుగా ఇంటికి వెళ్ళేవారికి, విశాఖ బీచ్ రోడ్డులో తెల్లవారుజామున తొక్కి టిఫిను బండి దగ్గర సైకిలు కళ్ళ ముందే ఆపుకునేవారికి అయితే ఈ చర్చే అక్కరలేదు.

చిక్కంతా సైకిలును రోజువారీ పనులకు వాడేవారిది. మెట్రో స్టేషను దగ్గర ఒకసారి, మందుల షాపు దగ్గర ఒకసారి, కూరగాయల దగ్గర, పాల కేంద్రం దగ్గర ఇంకోసారి ఆగే మనిషి, ఆగిన ప్రతిచోటా ముందు లైటు, వెనక లైటు, కంప్యూటరు, పంపు, సీటు సంచీ, నీళ్ళ సీసా వరసగా ఊడదీసి భుజం సంచీలో వేసుకుని, రెండు నిమిషాల పని చూసుకుని వచ్చి, మళ్ళీ అదే వరసలో తగిలించుకుని బయలుదేరాలి. వారం రోజులు శ్రద్ధగా చేస్తాడు. ఆ తరువాత చిన్న చిన్న మజిలీల్లో వదిలేయడం మొదలవుతుంది. ఈ పద్ధతిలో కాపలా కాసేది మన జ్ఞాపకశక్తి, అది అలిసిపోతుంది. దానికి తోడు మన ఎండకు సిలికాన్ పట్టీలు ఎలాగూ బీటలిస్తాయి. రోజుకు పదిసార్లు లాగితే ఇంకా త్వరగా తెగుతాయి. సంచీలో పడేసిన లైటు తనంతట తానే వెలిగి, చీకటి పడే వేళకు చార్జింగు అయిపోవడం కూడా ఈ పద్ధతి పాటించేవారికి తెలిసిన బాధే.

ఇక బిగించే పద్ధతి. దీనికి ఒక సాయంత్రం పని, కొన్ని వందల రూపాయల ఖర్చు పడుతుంది, తరువాత మరచిపోవచ్చు. మొదటి మెట్టు చాలా సాదాది. చేత్తో తిప్పే స్క్రూలు, లీవర్లు ఎక్కడున్నా తీసేసి వాటి స్థానంలో అలెన్ బోల్టు (తలలో ఆరు పలకల గుంత ఉండేది) వేయడం, వెనకవైపు నట్టు ఉండేచోట నైలాక్ నట్టు (లోపలి నైలాన్ రింగు వల్ల వదులు కానిది) వాడటం. సీటు క్లాంపుకు లీవరు బదులు బోల్టు ఉన్న క్లాంపు ఏ సైకిలు షాపులోనైనా దొరుకుతుంది. చక్రాల క్విక్ రిలీజుకు బదులుగా అలెన్ కీతో తిరిగే స్క్యూయర్లు (చక్రం ఇరుసులో దూరే కడ్డీలు) కూడా దొరుకుతాయి. ఉత్త చేతులతో వచ్చే మనిషిని ఆపడానికి ఇంతమాత్రం చాలు, అసలు లాభంలో పెద్ద వాటా ఈ మెట్టులోనే ఉంది.

రెండో మెట్టు మామూలు అలెన్ కీ జేబులో ఉన్నవాడి కోసం. తలలో నక్షత్రం ఆకారపు గుంత, దాని మధ్యలో పిన్ను ఉండే సెక్యూరిటీ టార్క్స్ బోల్టులు సికింద్రాబాదు రాణీగంజ్ లాంటి హార్డ్‌వేరు బజార్లలో అడిగితే దొరుకుతాయి. పిన్ను లేని మామూలు టార్క్స్ వేసి రక్షణ వచ్చిందనుకోవద్దు. డిస్కు బ్రేకు రోటర్ల బోల్టులకు టి25 సైజు టార్క్స్ వాడతారు గనుక, సైకిళ్ళు తెలిసిన ఎవరి కిట్టులోనైనా అది ఉంటుంది. పిన్ను ఉన్న బిట్లూ ఆన్‌లైన్‌లో దొరికేవే. అయినా దారినపోయే మనిషి వాటిని వెంట తెచ్చుకోడు. ఇంకా పైమెట్టులో జర్మనీ నుంచి వచ్చే పిట్‌లాక్, హెక్స్‌లాక్ వంటి ప్రత్యేక తాళాలు ఉన్నాయి. హెక్స్‌లాక్ అలెన్ బోల్టు గుంతలో అయస్కాంతంతో కూర్చునే చిన్న బిళ్ళ. దాని తాళంచెవితో తప్ప బయటికి రాదు. పనితనం బాగుంటుంది గాని, ఖరీదైన చక్రాలకో, తోలు సీటుకో తప్ప ఆ ధర గిట్టుబాటు కాదు.

నాకు నచ్చినది మూడో దారి, అన్నిటికన్నా చవకది. బోల్టు బిగించాక దాని తలలోని అలెన్ గుంతను పూడ్చేయడం. నీళ్ళ సీసా పట్టే చట్రానికి, చాలా బ్రాకెట్లకు వాడే 5 మిల్లీమీటర్ల బోల్టు పొడవాటి గుండ్రటి తల ఉన్నదైతే, దాని గుంత 4 మిల్లీమీటర్లు ఉంటుంది. అందులో 5/32 అంగుళాల బేరింగు బాలు సరిగ్గా కూర్చుంటుంది. 6 మిల్లీమీటర్ల బోల్టు గుంత 5 మిల్లీమీటర్లు, దానికి 3/16 అంగుళాల బాలు సరిపోతుంది. ఇది ముందు చక్రం హబ్బుల్లో మామూలుగా వాడే సైజే గనుక, ఏ సైకిలు మెకానిక్కు దగ్గరైనా డబ్బాలో ఉంటుంది. ఎప్పుడో గాని విప్పని బోల్టుకైతే గుంతలో ఒక చుక్క ఫెవిక్విక్ వేసి బాలు పెట్టాలి. సర్వీసింగులో విప్పవలసిన బోల్టుకైతే కొవ్వొత్తి మైనం కరిగించి పోస్తే చాలు. మైనాన్ని వేడి చేసి సూదితో తీయవచ్చు. ఫెవిక్విక్‌ను గోళ్ళరంగు తుడిచే అసిటోన్ కరిగిస్తుంది, కాకపోతే కొంత ఓపిక పట్టాలి, ఆ చుక్కలు ఫ్రేము రంగు మీద పడకుండా చూసుకోవాలి. ఎంసీల్ పెట్టవద్దు, అది గట్టిపడ్డాక దొంగతోపాటు మీరూ విప్పలేరు.

సీటుకు ఇంతకన్నా మంచి ఉపాయం ఉంది. అరిగిపోయిన పాత చైనును ముక్కగా కోయించి, పాత ట్యూబు తొడిగించి, సీటు కింది కమ్మీల నుంచి వెనక ఫ్రేము గొట్టాల చుట్టూ తిప్పి, చైను టూలుతో (చైను పిన్నును నెట్టే పనిముట్టుతో) పిన్ను కొట్టించేయడం. ట్యూబు ఉండటం వల్ల రంగు గీరుకుపోదు, చైను కనబడదు కూడా. విప్పాలంటే మళ్ళీ చైను టూలే కావాలి. ఎత్తు మార్చుకునేందుకు కాస్త వదులు ఉంచమని మెకానిక్కుకు చెబితే చాలు.

లైట్ల దగ్గర మాత్రం బిగించే పద్ధతి కొంత తడబడుతుంది. యూఎస్‌బీ లైటును చార్జింగుకు ఎలాగూ తీయాలి. దీనికి నిజమైన జవాబు హబ్బు డైనమోతో (చక్రం మధ్యలోనే కరెంటు పుట్టించేదానితో) నడిచే, బోల్టుతో బిగించిన లైట్లు. జర్మనీలో 2013 దాకా మామూలు సైకిళ్ళకు డైనమో లైటే చట్టపరంగా తప్పనిసరి. అక్కడికి చదువుకు వెళ్ళి పాత సైకిలు కొనుక్కునే మన పిల్లలు, డైనమో ఉన్న సైకిలు దొరికితే దాన్ని తీసేసి బ్యాటరీ లైట్లు పెట్టుకోవద్దని నా సలహా. ఇక్కడ హబ్బు డైనమోలు అంత సులువుగా దొరకవు. కాబట్టి వెనక యూఎస్‌బీ లైటుకు బదులు క్యారియరుకు బోల్టుతో బిగించే బ్యాటరీ సెల్లు లైటు పెట్టి, ముందు లైటు ఒక్కదాన్నే ఊడదీసి తీసుకెళ్ళడం సరైన రాజీ అనిపిస్తుంది. జీపీఎస్ కంప్యూటరును మాత్రం ఏ పరిస్థితిలోనూ వదలకూడదు. అది ఖరీదైనది కావడం ఒకటి, మీ ఇల్లు ఎక్కడుందో అందులో నమోదై ఉండటం మరొకటి.

బిగించే పద్ధతికీ హద్దులున్నాయి. హ్యాండిలు స్టెము, బ్రేకులు, గేర్ల బోల్టులను ఎట్టి పరిస్థితిలోనూ పూడ్చవద్దు, అవి దారిలో సర్దవలసివచ్చేవి. చక్రాలకు ప్రత్యేకమైన నట్లు వేస్తే పంచరు వేసే మనిషి దగ్గర వాటి తాళంచెవి ఉండదు. మీ దగ్గర ఉన్నది ఇంట్లో ఉంటే సైకిలును నడిపించుకుంటూ పోవాలి. పంపు, పంచరు కిట్టు ఉన్న సీటు సంచీని బిగించడంలో అర్థం లేదు, లోపలివి జిప్పు తీస్తే వస్తాయి గదా. వాటిని భుజం సంచీలోకి మార్చేయడమే మంచిది.

మిగతా ఉపాయాల గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. సన్నటి కేబుల్ తాళం హెల్మెట్టును కాసేపు కట్టిపెట్టడానికి పనికివస్తుంది. ఎయిర్‌ట్యాగు లాంటి జాడ తెలిపే బిళ్ళలు సైకిలును వెతకడానికే గాని లైటును వెతకడానికి కావు. పైగా అపరిచితుల ట్యాగు వెంట వస్తోందని దొంగ ఫోనుకే హెచ్చరిక వెళుతుంది. సెల్లారు కెమెరా పోయిన సంగతి చూపిస్తుంది, అంతే. వస్తువుల మీద గోళ్ళరంగుతో గుర్తు వేసుకోవడం వల్ల నష్టం లేదు.

ఏదో ఒకటే ఎంచుకోమంటే నేను బిగించడాన్నే ఎంచుకుంటాను. ఊడదీసి తీసుకెళ్ళే వాటిని ముందు లైటు, కంప్యూటరు అనే రెంటికి కుదిస్తాను, రెండూ ఒక్క చేతిలో ఇమిడేవి. పని మొదలుపెట్టేవారు సీటు క్లాంపుతో మొదలుపెట్టండి, వెనక లైటు, సీసా చట్రం, క్యారియరు ఆ తరువాత. సెక్యూరిటీ బోల్టుల కీలు రెండు కొని, ఒకటి ఇంటి తాళాల గుత్తికి తగిలించుకోండి. సైకిలును సర్వీసింగుకు ఇచ్చేటప్పుడు రెండోదాన్ని దానితోపాటే ఇచ్చి, ఏ బోల్టుల్లో మైనం ఉందో, వేటిలో ఫెవిక్విక్ ఉందో మెకానిక్కుకు ముందే చెప్పండి.