చెక్ కథల సినిమాల వెంట: కోటలు, నాటకశాలలు, బసలు

మేముండేది జర్మనీలో. డిసెంబర్ వచ్చిందంటే ఇక్కడి టీవీ చానెళ్లలో 1973 నాటి చెక్ సిండరెల్లా సినిమా మళ్లీ మళ్లీ వేస్తారు. నార్వేలోనూ క్రిస్మస్‌కి అదే ఆనవాయితీ. వాత్స్లావ్ వోర్లీచెక్ దర్శకుడు, లిబుషె షఫ్రాన్‌కొవా నాయిక. ఈ సిండరెల్లా గుర్రం మీద దౌడు తీస్తుంది, బాణం గురి తప్పదు, అడవిలో రాకుమారుణ్ణే ఆటపట్టిస్తుంది. వరాలిచ్చే దేవత ఎవరూ రారు. మూడు హేజిల్‌నట్ కాయల్లోంచి మూడు జతల బట్టలు వస్తాయి, మిగతాదంతా ఆ పిల్ల తెగువే. మా అమ్మాయికి ఆ సినిమా ప్రాణం. నాకేమో దాని వెనకున్న మనుషుల మీద ఆసక్తి పుట్టింది. ఈ స్క్రిప్టు రాసిన ఫ్రాంతిషెక్ పావ్లీచెక్ అంతకుముందు ప్రాగ్‌లోని వినొహ్రాది థియేటర్‌కి డైరెక్టర్. 1968లో సోవియట్ సేనలు దేశంలోకి వచ్చిన తర్వాత ఆయన మీద నిషేధం పడింది. అందుకే సినిమాలో స్క్రిప్టు రచయితగా వేరొకరి పేరు వేశారు. రాకుమారుడి గొంతు కూడా తెర మీద కనిపించే నటుడిది కాదు, పీటర్ స్వొయ్‌త్కా అనే మరో నటుడిది. చెక్ కథల సినిమాలూ టీవీ నాటకాలూ చూసేకొద్దీ అర్థమైంది, వీటిలో చాలావరకు స్టేజీ మనుషులు చేసినవే. అందుకే ఈ ట్రిప్‌లో కోటలతో పాటు నాటకశాలలు కూడా పెట్టుకున్నాం.

ముందు తేదీల సంగతి చెప్పాలి. చెక్ కోటలు చాలావరకు నవంబర్ నుంచి మార్చి దాకా మూసి ఉంటాయి, మిగతా నెలల్లో సోమవారం సెలవు. ప్రాగ్‌లో పెద్ద థియేటర్లు జులై, ఆగస్టుల్లో ఆడవు. రెండూ కావాలంటే సెప్టెంబర్ రెండో సగం నుంచి అక్టోబర్ చివరి దాకా వెళ్లండి. మేం అప్పుడే వెళ్లాం, ఎక్కడా పెద్ద క్యూలు లేవు.

సినిమాలో రాజుగారి కోట మాత్రం చెక్ దేశంలో లేదు. అది జర్మనీలో డ్రెస్డెన్ పక్కనున్న మోరిట్జ్‌బుర్గ్. ప్రాగ్‌లోని బరాందోవ్ స్టూడియో, తూర్పు జర్మనీ డెఫా సంస్థ కలిసి తీసిన సినిమా కాబట్టి అలా కుదిరింది. చలికాలంలో అక్కడ ఈ సినిమా మీదే ఎగ్జిబిషన్ పెడతారు, సిండరెల్లా చెప్పు జారిన మెట్ల దగ్గర పిల్లలు ఫోటోల కోసం వరస కడతారు. డ్రెస్డెన్ దాటాక రాడెబోయిల్ నుంచి చిన్న పట్టాల ఆవిరి రైలు ఉంది. పిల్లలతో వెళ్తే బస్సు వద్దు, అదే ఎక్కండి. స్టేషన్ నుంచి కోటకి కాస్త దూరం నడవాలి. వారాంతాల్లో ఎగ్జిబిషన్‌లో రద్దీ విపరీతం, అద్దాల పెట్టెల ముందు నిలబడే వీలే ఉండదు. మామూలు రోజు పొద్దున్నే వెళ్తే బాగుంటుంది.

సిండరెల్లా సవతి తల్లి ఇల్లు ష్విహోవ్. నన్నడిగితే రెండింటిలో చూడాల్సింది ఇదే. చెక్ దేశంలో పడమటి వైపున్న ప్ల్జెన్ నగరం నుంచి క్లతోవి వైపు వెళ్లే రైలెక్కితే గంటలోపే దిగుతాం. చుట్టూ నీటి కందకం, పైన మబ్బు, కోట గోడలకి వందల ఏళ్ల నలుపు. 1480 ప్రాంతంలో కట్టడం మొదలుపెట్టారు. ముప్పయ్యేళ్ల యుద్ధం తర్వాత కూల్చేయమని చక్రవర్తి ఆజ్ఞ ఇచ్చినా పూర్తిగా కూల్చలేదు. తర్వాత చాలాకాలం ధాన్యం కొట్టుగా వాడారు. ఎవరూ ఇక్కడ కొత్తగా మేడలు కట్టి హంగులు చేయకపోవడానికి అదే కారణం. సినిమాలో మనం చూసిన ముతకదనం అంతా అలాగే ఉంది. షూటింగ్ అప్పుడు మంచు సరిపోక చేపల పొడి చల్లారట, ఆ వాసనకి నటులు అల్లాడిపోయారట. ఆ వాకిట్లో నిలబడి ఆ సంగతి చెబితే మా అమ్మాయి ముక్కు మూసుకుంది.

రాత్రి బస ప్ల్జెన్‌లోనే పెట్టుకోండి. ష్విహోవ్‌లో సాయంత్రం తినడానికి దొరికేది తక్కువ. పైగా ప్ల్జెన్ పెద్ద చౌక్‌లో తోలుబొమ్మల మ్యూజియం... కాదు, ఇవి చెక్క బొమ్మలు, కీలుబొమ్మల మ్యూజియం ఉంది. యోసెఫ్ స్కుపా సృష్టించిన తండ్రీకొడుకుల జంట ష్పేబ్ల్, హుర్వీనెక్ ఈ ఊరి పిల్లలే. 1944లో స్కుపాని నాజీల రహస్య పోలీసు గెస్టపో అరెస్టు చేసి డ్రెస్డెన్ జైల్లో పెట్టింది. బొమ్మలాడించే మనిషంటే పాలకులకి అంత భయం ఉండేదన్నమాట. చెక్, స్లోవాక్ బొమ్మలాటకి 2016లో యునెస్కో గుర్తింపు వచ్చింది. మ్యూజియం చిన్నదే, గంటన్నర చాలు. పిల్లలు తాడు లాగి బొమ్మని ఆడించే చోటు నుంచి మా అమ్మాయిని కదిలించడం కష్టమైంది.

చెర్వెనా ల్హోతా గురించి రెండు మాటలే. చెరువు మధ్య బండ మీద ఎర్రటి మేడ, దాటడానికి రాతి వంతెన. వ్లాస్తా యానెచ్‌కొవా 1973లో టీవీ కోసం తీసిన బంగారు జుట్టు రాకుమారి కథకి అదే రంగస్థలం. బయటి నుంచి చూస్తే కన్ను తిప్పుకోలేం, లోపలి టూర్ మాత్రం సాదాసీదా. సొంత కారో అద్దె కారో లేకపోతే ఈ ఒక్క చోటూ వదిలేయండి, బస్సులు నమ్ముకుంటే రోజంతా పోతుంది.

ఇక చెస్కీ క్రుమ్‌లోవ్. ఇక్కడ ఎంత సమయం పెట్టినా దండగ కాదు. కోటలోని బరోక్ (17, 18 శతాబ్దాల ఐరోపా అలంకార శైలి) నాటకశాల 1760లలో యోసెఫ్ ఆదామ్ ష్వార్జెన్‌బెర్గ్ కాలంలో ఇప్పటి రూపానికి వచ్చింది. అప్పటి రంగులు వేసిన పక్కతెరలు, దుస్తులు, దీపాలు, నాటకాల రాతప్రతులు, స్టేజీ కింద చెక్క యంత్రాలు, అన్నీ మిగిలాయి. ప్రపంచంలో ఇంత పూర్తిగా నిలిచిన బరోక్ నాటకశాలలు చాలా కొద్ది. 1966లో మూసేసి, మరమ్మతులు చేసి, 1997లో సందర్శకులకి తెరిచారు. స్టేజీ అడుగున పెద్ద ఇరుసు తిప్పితే పక్కతెరలన్నీ ఒకేసారి జారిపోయి అడవి పోయి రాజసభ వస్తుంది, కొన్ని సెకన్లలోనే. చిన్నప్పుడు సురభి నాటకాల్లో తెరలు మారుతుంటే నోరు తెరుచుకుని చూసిన మనకి ఇది ఎంత దగ్గరగా అనిపిస్తుందో చెప్పలేను. టూర్ చిన్న గుంపులుగా గైడుతోనే. ఫోటోలు తీయనివ్వరు, దేన్నీ తాకనివ్వరు. ఇంగ్లిష్ టూర్లు తక్కువ కాబట్టి ముందే బుక్ చేసుకోండి. చెక్ టీవీ కథల్లో చేత్తో గీసిన తెరలు చూసి "ఇంత సాదాగా ఉందేంటి" అనుకునేవాళ్లు ఇక్కడికొచ్చి చూడాలి. ఆ సాదాతనం వెనక రెండు వందల ఏళ్లకి పైగా సాగిన పనితనం ఉంది.

అదే కోట తోటలో తిరిగే ప్రేక్షకశాల ఉంది. యోవన్ బ్రెమ్స్ 1958లో మొదలుపెట్టిన ప్రయోగం ఇది. నాటకం చుట్టూ తోటలో జరుగుతుంటే ప్రేక్షకులు కూర్చున్న మెట్ల వరసే తిరుగుతుంది. మొదట్లో మనుషులే నెట్టి తిప్పేవాళ్లు, ఇప్పుడు మోటార్లు. వేసవిలోనే ఆడతారు కాబట్టి మేం నాటకం చూడలేకపోయాం, ఖాళీ నిర్మాణం చుట్టూ తిరిగి వచ్చాం. చారిత్రక తోట మధ్యలో ఆ ఇనుప కట్టడం ఉండకూడదని వారసత్వ నిపుణులు ఏళ్ల తరబడి అంటున్నారు. తోట చూశాక వాళ్ల మాటా కాదనలేను. కానీ దాన్ని తీసేస్తే ఈ ఊరి నాటకంలో ఒక తరం శ్రమ పోతుంది. ఉండాలనే నా కోరిక.

క్రుమ్‌లోవ్‌లో పాత ఊరి లోపలే బస చూసుకోండి. పగలు టూరిస్టు బస్సుల జనం, సాయంత్రానికి అందరూ వెళ్లిపోతారు, అప్పుడు ఊరు మనదే. మేం దిగిన చిన్న లాడ్జిలో ఆతిథ్యం బాగానే ఉంది కానీ హీటర్ రాత్రంతా పనిచేయలేదు, ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు. చిన్న లాడ్జిల్లో రాత్రిపూట ఎవరూ ఉండరు, ఎవరికి ఫోన్ చేయాలో చేరినప్పుడే అడగండి. రాళ్లు పరిచిన వీధుల్లో చక్రాల సూట్‌కేసు లాగడం నరకం, వీపు సంచీ మేలు. శాకాహారులకి వేయించిన చీజ్, బంగాళాదుంప అట్లు, పండు పెట్టి ఉడికించిన ఉండలు దొరుకుతాయి. వెల్లుల్లి సూప్ అడిగేముందు మాంసం నీళ్లతో చేశారేమో కనుక్కోండి. మేం ఆవకాయ తీసుకెళ్లాం, ఆ అట్లకి బాగా కుదిరింది.

ప్రాగ్‌లో పాత ఊరి చౌక్ పక్కన అపార్ట్‌మెంట్ తీసుకోవద్దు. తెల్లవారే దాకా బార్ల గోల. వినొహ్రాది, దేయ్‌విత్సె పేటల్లో అద్దె తక్కువ, ట్రాములు దగ్గర, పిల్లలు నిద్రపోతారు. హుర్వీనెక్ థియేటర్ ఉన్నది కూడా దేయ్‌విత్సెలోనే.

నేషనల్ థియేటర్‌లో ఒక్క సాయంత్రమైనా గడపాలి. ప్రజల చందాలతో కట్టుకున్నది, 1881లో తెరిచిన రెండు నెలలకే కాలిపోతే మళ్లీ చందాలు పోగుచేసి 1883లో తెరిచారు. స్టేజీ పైన "జాతి తన కోసం తానే" అన్న అర్థంలో చెక్కిన అక్షరాలు చూసి నాకు కళ్లు చెమర్చాయి. పై గ్యాలరీ టికెట్లు చవక, ఒపెరాలకి ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ పైన వేస్తారు. పక్కనే గాజు ఇటుకల భవనంలో లాటెర్నా మాగికా అనే థియేటర్. ఆల్‌ఫ్రెడ్ రాదొక్, యోసెఫ్ స్వొబొద 1958 బ్రస్సెల్స్ ఎక్స్‌పోలో తెర మీది సినిమానీ స్టేజీ మీది మనుషుల్నీ కలిపి మొదలుపెట్టారు. 1977 నుంచి ఆడుతున్న సర్కస్ ప్రదర్శనకి మాటల్లేవు, భాష రాని మనకి అది నిశ్చింత. దొరికితే వదలకండి.

మాటలు కావాలంటే జిజ్‌కోవ్ పేటలో యారా త్సిమ్ర్‌మన్ థియేటర్. ఎన్నడూ పుట్టని ఒక మేధావి పేరు మీద 1960ల నుంచి ఆడుతున్న హాస్యనాటకాలు. చెక్ టీవీలో వీటి రికార్డింగులు తరాల తరబడి వేస్తున్నారు. 2005లో గొప్ప చెక్ ఎవరని టీవీ పోటీ పెడితే జనం ఈయనకి చాలా ఓట్లు వేశారు, కల్పిత వ్యక్తి అని పోటీలోంచి తీసేయాల్సి వచ్చింది. కొన్ని నాటకాలు ఇంగ్లిష్‌లోనూ ఆడతారు, తేదీలు ముందే చూసుకోండి, టికెట్లు త్వరగా అయిపోతాయి.

రాత్రిళ్లు గదిలో చెక్ టెలివిజన్ వారి ఆన్‌లైన్ వీడియో సైటు ఐవిసీలానీ పెట్టుకున్నాం. డబ్బు కట్టక్కర్లేదు. దేశం దాటితే చాలా కార్యక్రమాలు రావు కాబట్టి అక్కడున్నప్పుడే చూడాలి. చెక్ సబ్‌టైటిల్స్ పెట్టుకుని ఫోన్ అనువాదంతో నెట్టుకొచ్చాం, కథలు తెలిసినవే కాబట్టి ఇబ్బంది లేదు. ఇంటికి తెచ్చుకోవాలంటే పాత పుస్తకాల షాపుల్లో, ఒకప్పుడు పేపర్లతో పాటు అమ్మిన కాగితం కవర్ల డీవీడీలు చవగ్గా దొరుకుతాయి. అట్ట వెనక ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ ఉన్నట్టు రాశారో లేదో చూసుకుని కొనండి, వాటిలో చాలావాటికి ఉండవు.