జామాయిల్ ఆకు తినే జంతువు కోసం: విక్టోరియా నుంచి బ్రిస్బేన్ దాకా

ఖమ్మం జిల్లాలో మాకున్న మెట్ట చేనులో ఇరవై ఏళ్లుగా జామాయిల్ వేస్తున్నాము. నాలుగేళ్లకొకసారి కర్ర నరికించి కాగితపు మిల్లుకు తోలించడం తప్ప ఆ చెట్టుతో మాకు మరో సంబంధం లేదు. మేకలు కూడా ముట్టని ఆకు అది. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో, మెల్‌బోర్న్ శివారు టార్నీట్‌లో ఉంటున్న మా అమ్మాయి దగ్గరికి 2024 అక్టోబరులో వెళ్లినప్పుడు, దాదాపుగా ఆ జాతి ఆకు మీదనే బతికే జంతువును దాని చెట్టు మీదనే చూడాలని నేను పట్టుబట్టడానికి కారణం ఇదే. మన పత్రికలు దానిని కోలా అని రాస్తుంటాయి. అక్కడివారి నోట అది కోవాలా అని పలుకుతుంది. శీతల పానీయంతో పొరపాటు పడకుండా నేనూ కోవాలా అనే రాస్తున్నాను.

మొదటి ప్రయత్నం డబ్బు దండగ. గ్రేట్ ఓషన్ రోడ్డును ఒక్క రోజులో చూపిస్తామన్న ఒక పర్యాటక బస్సులో వెళ్లాము. కెన్నెట్ రివర్ అనే చిన్న ఊరి దగ్గర బస్సు ఆపి ఇరవై అయిదు నిమిషాలు సమయం ఇచ్చారు. అదే వేళకు మరో నాలుగు బస్సులు వచ్చి ఆగడంతో, సుమారు రెండు వందల మంది ఒకే చెట్టు కింద తలలెత్తి నిలబడ్డాము. ఎత్తయిన పంగలో బూడిద రంగు మూట ఒకటి కనిపించింది. అది కోవాలాయేనని గైడు చెప్పిన తరువాత గాని మాకు తెలియలేదు. చిలుకలు మనుషుల చేతుల మీద వాలుతుంటే అందరి దృష్టీ వాటి మీదికి మళ్లింది, ఇంతలో డ్రైవరు హారన్ కొట్టాడు. తీరంలోని శిలాస్తంభాలను చూడడానికి ఆ బస్సు సరిపోతుంది గాని, కోవాలా కోసం మాత్రం ఎవరూ దానిలో వెళ్లవద్దని నా సలహా.

పది రోజుల తరువాత మా అల్లుడు కారులో తీసుకువెళ్లాడు. రాత్రి అపోలో బేలోని ఒక మోటెల్‌లో బస చేశాము. గదిలో కెటిల్, మైక్రోవేవ్ మాత్రమే ఉంటాయని ముందే తెలుసుకుని చిన్న ఎలక్ట్రిక్ కుక్కర్, ఆవకాయ సీసా వెంట తెచ్చుకున్నందువల్ల భోజనానికి ఇబ్బంది కలగలేదు. తెల్లవారి ఏడు గంటలకే కెన్నెట్ రివర్ చేరి, ఊరి వెనుక కొండ మీదికి ఎక్కే గ్రే రివర్ రోడ్డు అనే కంకర దారి వెంట నడిచాము. మొన్న జాతరలా ఉన్న ఆ చోటనే ఇప్పుడు మా ముగ్గురి అడుగుల చప్పుడు తప్ప మరేదీ వినిపించలేదు.

కోవాలాను వెతికే పద్ధతి ఆ ఉదయమే నాకు పట్టుబడింది. ముందుగా చెట్టు మొదట్లో నేలను చూడాలి. ఈత గింజల వంటి పెంటికలు తాజాగా పడి ఉంటే, వాటిలో నీలగిరి తైలపు వాసన గుప్పుమంటే, అది పైన ఉన్నట్టే. తరువాత బోదె మీద గోళ్ల గీతలు చూడాలి. ఆ తీరంలో అవి ఎక్కువగా ఉండేది మాన్నా గమ్ అనే చెట్టు మీద. దాని తెల్లని నున్నని మాను నుంచి బెరడు పేలికలుగా వేలాడుతుంది కాబట్టి గుర్తించడం సులభం. ఆ పైన కొమ్మల పంగలు ఒక్కొక్కటే చూసుకుంటూ పోవాలి. గంటన్నరలో అయిదింటిని చూశాము.

వాటిలో ఒకటి చెట్టు దిగి, దారికి అడ్డంగా నాలుగు కాళ్ల మీద ఊగుతూ నడిచి మరో చెట్టెక్కింది. అంత దగ్గరగా చూసినప్పుడు ఇది ఎలుగుబంటి కాదన్న సంగతి కళ్లకే అర్థమవుతుంది. తోక లేదు. ముఖం మధ్యలో నల్లని తోలు ముద్ద వంటి ముక్కు, అంచుల్లో తెల్లని జూలుతో గుండ్రని చెవులు, తెల్లని మచ్చలతో దట్టమైన బొచ్చు ఉన్న పిరుదులు. గంటల తరబడి గట్టి కొమ్మ మీద కూర్చునే జంతువుకు ఆ పిరుదులే పీట. ముందు పాదంలో అయిదు వేళ్లలో రెండు బొటనవేళ్లలా మిగిలిన మూడింటికి ఎదురుగా తిరిగి ఉంటాయి, అందువల్లనే కొమ్మ మీద పట్టు అంత బిగువుగా ఉంటుంది. మనిషికి ఉన్నట్టే వేలిముద్రలు కూడా ఉంటాయి. కంగారూలాగా ఇదీ సంచిలో పిల్లను పెంచే జంతువే గాని, దీనికి బతికి ఉన్న దగ్గరి చుట్టం వాంబాట్ అనే బొరియలు తవ్వే జంతువు. ఆ చుట్టరికానికి గుర్తుగానేమో, చెట్లెక్కే జంతువుకు కూడా సంచి నోరు పైకి కాకుండా కిందివైపు, వెలుపలికి తెరుచుకుంటుంది.

అక్కడి నుంచి కేప్ ఆట్వే దీపస్తంభానికి వెళ్లే దారి అందమైనదని అందరూ చెప్పారు. అందమైనదే, కాని ఆ దారి పక్కన ఆకు లేక ఎండి నిలిచిన మాన్నా గమ్ మోడులను చూసి నాకు మనసు చివుక్కుమంది. వ్యాపారుల కోసం తోలు వేటగాళ్లు చంపగా, ఇరవయ్యో శతాబ్దం మొదటికి విక్టోరియాలో కోవాలాలు దాదాపు అంతరించాయి. అంతకు ముందే ఫ్రెంచ్ ఐలండ్ వంటి దీవులలో వదిలిన కొద్ది జంతువుల సంతతి పెరగగా, వాటిని తెచ్చి తిరిగి ప్రధాన భూభాగంలో విడిచిపెట్టారు. కేప్ ఆట్వేకు కూడా అలా 1980లలో చేరినవి విపరీతంగా పెరిగి, తమ ఆకు చెట్లను తామే బోడి చేసి ఆకలితో మాడాయి. 2013-14లో అక్కడ దాదాపు 700 కోవాలాలను అధికారులే మత్తుమందుతో చంపవలసి వచ్చింది. పశువులను మేపిన వాడికి ఈ లెక్క కొత్తది కాదు, బీడు ఎంతో మంద అంతే ఉండాలి. కాని కోవాలాకు పక్క బీడుకు పోవడం తెలియదు. ఇష్టమైన చెట్టు దగ్గరే అంటిపెట్టుకుని ఉంటుంది.

ఫిలిప్ ఐలండ్ గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. మెల్‌బోర్న్ నుంచి రెండు గంటల ప్రయాణం. అక్కడి కోవాలా సంరక్షణ వనంలో చెక్క వంతెనలు వాలుగా లేచి చెట్ల కొమ్మల ఎత్తుకు తీసుకువెళ్తాయి. మోకాళ్ల నొప్పులున్న నా భార్యకు ఇది బాగా నచ్చింది, ఎందుకంటే మెడ నొప్పి లేకుండా కోవాలాను కంటికి కన్ను ఎదురుగా చూడగలిగిన చోటు ఇదొక్కటే. సిబ్బంది ఓపికగా చూపించారు, ముట్టుకోవడం మాత్రం నిషేధం. సందర్శకులు కోవాలాను ఎత్తుకోవడాన్ని విక్టోరియా, న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రాల చట్టాలు ఒప్పుకోవు. సాయంత్రం సముద్రం నుంచి గట్టెక్కే పెంగ్విన్లను చూడడంతో కలిపి టికెట్టు తీసుకుంటే రోజు సరిపోతుంది. చేతిలో ఒకే ఒక్క రోజున్న పెద్దవాళ్లకు నేను చెప్పే చోటు ఇదే.

నాకు మనసు నిండింది మాత్రం రేమండ్ ఐలండ్‌లో. మెల్‌బోర్న్‌కు తూర్పున సుమారు 300 కిలోమీటర్ల దూరంలో, గిప్స్‌లాండ్ సరస్సుల మధ్య, పేన్స్‌విల్ అనే ఊరికి ఎదురుగా ఉన్న చిన్న దీవి అది. గొలుసుల మీద నడిచే బల్లకట్టు అయిదు నిమిషాలలోపే దాటిస్తుంది. కారుకు రుసుము ఉంది, నడిచి ఎక్కేవారికి ఉచితం. కాబట్టి కారును పేన్స్‌విల్‌లోనే నిలిపి వెళ్లడం మేలు. 1953లో ఈ దీవికి తెచ్చిన కోవాలాల సంతతి ఇప్పుడు ఇళ్ల మధ్యనే, పెరటి చెట్ల మీదనే కాపురం ఉంటుంది. బల్లకట్టు దగ్గర మొదలయ్యే 1.2 కిలోమీటర్ల కోవాలా బాటలో మొదటి ఉదయమే పద్నాలుగింటిని లెక్కపెట్టాము. టికెట్టు లేదు, గేటు లేదు, తొందరపెట్టేవారు లేరు.

దీవిలోనే ఒక ఇల్లు రెండు రాత్రులకు అద్దెకు తీసుకున్నాము. పూర్తి వంటగది అని ప్రకటించారు గాని నాలుగు పొయ్యిలలో ఒకటే వెలిగింది. యజమానికి ఫోను చేస్తే మరునాటి సాయంత్రం దాకా బదులు లేదు. పడకలు శుభ్రంగా ఉన్నాయి, ముంగిట్లోనే రెండు కోవాలాలున్నాయి కాబట్టి నేను పెద్దగా పేచీ పెట్టలేదు. నా భార్య మాత్రం ఒక్క పొయ్యి మీద పప్పూ అన్నమూ వండిన సంగతిని ఇప్పటికీ మరచిపోలేదు.

మొదటి రాత్రి రెండు గంటల వేళ కిటికీ అవతల పెద్ద రంపంతో మొద్దు కోస్తున్నట్టు, మధ్యమధ్య పంది గుర్రుమన్నట్టు చప్పుడు వచ్చింది. "ఏమండీ, దొంగలేమో లేచి చూడండి," అని నా భార్య నన్ను తట్టి లేపింది. లైటు వేసి చూస్తే, రోజంతా బొమ్మలా పడుకున్న మగ కోవాలా తల వెనక్కి వాల్చి అరుస్తోంది. వసంతంలో మొదలయ్యే జతకట్టే కాలంలో మగవి ఇలా తమ ఉనికిని చాటుకుంటాయి. పది కిలోల ఒంటి నుంచి అంత బొంగురు గొంతు ఎలా వస్తుందన్న ప్రశ్నకు శాస్త్రవేత్తలు 2013లో జవాబు చెప్పారు. మామూలు స్వరతంత్రులు కాక, గొంతులో పైభాగాన మరో పెద్ద జత దానికి ఉందట. తెల్లవారి చూస్తే ఆ మగదాని రొమ్ము మీద గోధుమ రంగు జిడ్డు చార కనిపించింది. ఆ గ్రంథిని బోదెకు రుద్ది తన వాసనను గుర్తుగా వదులుతుంది.

రెండో రోజు అనుకోకుండా ఎండ ముదిరింది. అప్పుడు కోవాలాలు పంగలు వదిలి కింది కొమ్మలకు దిగి, కాళ్లు చేతులు వేలాడవేసి మాను మీద బోర్లా పడుకున్నాయి. వాటిలో ఒకటి తాను తినని తుమ్మ జాతి చెట్టును వాటేసుకుని ఉండడం చూసి ఆశ్చర్యపోయాను. ఫ్రెంచ్ ఐలండ్‌లో పరిశోధించి 2014లో ప్రకటించిన వివరం ప్రకారం, ఎండ వేళల్లో అటువంటి చెట్ల మాను గాలి కంటే 5 డిగ్రీలకు పైగా కూడా చల్లగా ఉంటుంది. ఒంట్లో నీరు ఖర్చు కాకుండా చల్లబడడానికి ఆ జంతువు కనిపెట్టిన ఉపాయం అది. మన పల్లెల్లో మధ్యాహ్నం పూట సిమెంటు అరుగు మీద ఒళ్లు ఆనించి పడుకునే పెద్దలే నాకు గుర్తుకు వచ్చారు.

ఎండ తగ్గే దాకా ఆగితే, సాయంత్రం అవి తినడం చూడవచ్చు. కొమ్మను దగ్గరకు లాగి, ఆకును ముక్కుకు ఆనించి, నచ్చకపోతే వదిలి మరొకటి అందుకుంటుంది. ఆస్ట్రేలియాలో ఆరు వందలకు పైగా ఉన్న యూకలిప్టస్ జాతులలో ఒక్కో ప్రాంతపు కోవాలా ఇష్టపడేవి కొన్ని మాత్రమే. రోజుకు అరకిలో నుంచి కిలో దాకా ఆకు తింటుంది. నూనెలూ విషపదార్థాలూ నిండిన ఆ ఆకును జీర్ణం చేసుకోవడానికి దానికి రెండు మీటర్ల పొడవైన అంధనాళం అనే పేగు భాగం ఉంది, విషాన్ని విరిచే కాలేయం ఉంది. ఇంత కష్టపడినా దక్కే శక్తి స్వల్పం కాబట్టి రోజులో 18 నుంచి 20 గంటలు నిద్రపోతుంది. ఆకు మత్తు వల్ల పడుకుంటుందని బస్సు గైడు చెప్పినది కట్టుకథ.

పిల్లను వీపు మీద మోస్తున్న తల్లి ఒకటి బాట చివర కనిపించింది. 35 రోజుల గర్భం తరువాత గ్రాము బరువైనా లేకుండా పుట్టిన పిల్ల ఆరు నెలలు సంచిలో ఉంటుంది. బయటికి వచ్చే ముందు తల్లి విసర్జించే మెత్తని ప్రత్యేక పదార్థాన్ని తిని, ఆకును అరిగించే సూక్ష్మజీవులను తన కడుపులోకి తెచ్చుకుంటుంది. వినడానికి రోతగా ఉన్నా, అది లేకపోతే ఆ పిల్లకు లోకంలో తిండే లేదు.

చివరి వారం క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలోని బ్రిస్బేన్ వెళ్లాము. నగరంలో బస్సు ఛార్జీ ఎంత దూరానికైనా 50 సెంట్లు కావడం మాకు పండుగే అయింది. అక్కడి లోన్ పైన్ కోవాలా శాంక్చురీ 1927లో మొదలైంది. క్వీన్స్‌లాండ్ ప్రభుత్వం చివరిసారిగా వేటకు అనుమతి ఇవ్వగా, లక్షల కోవాలాలు తోళ్లుగా మారినది కూడా ఆ ఏడాదే. కోవాలాను ఎత్తుకుని ఫొటో దిగడానికి దశాబ్దాలుగా జనం వచ్చిన ఈ చోట, 2024 జులై నుంచి ఆ పద్ధతిని మానేశారు. పక్కన నిలబడి చూడవచ్చు. చిన్నపిల్లలతో వచ్చిన ఒక కుటుంబం ఇందుకు నిరాశపడడం చూశాను గాని, మెలకువగా ఉండేదే నాలుగైదు గంటలైన ప్రాణిని చేతులు మార్చకపోవడమే సరైనదని నా అభిప్రాయం. ఆవరణ శుభ్రంగా ఉంది, కోవాలాలు తప్పక కనిపిస్తాయి, కాని రేమండ్ ఐలండ్ చూసి వచ్చిన కళ్లకు వరుసగా పాతిన కొయ్యల మీది కోవాలాలు ఆసుపత్రి వార్డులా అనిపించాయి.

ఇక్కడివి విక్టోరియా వాటికంటే చిన్నవి, బొచ్చు పలచగా, రంగు వెండి బూడిదలా ఉంటుంది. చలి ప్రాంతపు జంతువు పెద్దదిగా, దట్టమైన బొచ్చుతో ఉండడం సహజమే. అక్కడ ఎక్కువై చెట్లు తినేస్తే, ఇక్కడ అడవుల నరికివేత, కార్లు, కుక్కలు, క్లామిడియా అనే అంటువ్యాధి వల్ల తగ్గిపోతున్నాయి. అందుకే 2022 ఫిబ్రవరిలో క్వీన్స్‌లాండ్, న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రాలలోనూ దేశ రాజధాని కాన్‌బెర్రా ఉన్న ప్రాంతంలోనూ ఉండే కోవాలాలను మాత్రమే అంతరించే ప్రమాదమున్నవాటి జాబితాలో చేర్చారు.

ఆవరణలో ఒక ఉద్యోగిని కొమ్మల కట్టలు మార్చుతుంటే, అది ఏ చెట్టు అని అడిగాను. అక్కడివారు బ్లూ గమ్ అనే ఆ చెట్టు శాస్త్రీయ నామం యూకలిప్టస్ టెరెటికార్నిస్ అని చెప్పింది. మైసూరు గమ్ పేరుతో మన దేశమంతా పాకిన జామాయిల్‌కు మూలం ఆ జాతే. కింద పడిన ఆకు ఒకటి తీసి నలిపి, తిరుగు బస్సులో నా భార్య ముక్కు దగ్గర పెట్టాను. కళ్లు మూసుకునే ఉన్న ఆమె, "కర్ర కొట్టిన రోజు మన చేను," అంది.