విదేశంలో పెళ్ళికి కాగితాలు: విశాఖ అపోస్టిల్ ఏజెంట్ల సర్వీసు ఎలా ఉంది?

ద్వారకానగర్, ఆశీలుమెట్ట, సిరిపురం వైపు వీసా కన్సల్టెన్సీల బోర్డుల మధ్య "అటెస్టేషన్, అపోస్టిల్" అన్న బోర్డులూ కనిపిస్తాయి. అపోస్టిల్ అంటే, ఆ పేరుతో ఉన్న అంతర్జాతీయ ఒప్పందంలోని దేశాల్లో మన కాగితం చెల్లేలా విదేశాంగ శాఖ వేసే ధ్రువీకరణ ముద్ర. అబ్బాయో అమ్మాయో విదేశంలో పెళ్ళి చేసుకుంటున్నారంటే ఇంట్లోవాళ్ళు ముందు వెళ్ళేది అక్కడికే. కాగితాన్ని ఊరు దాటించి ముద్రలు వేయించుకొచ్చే పనిలో ఈ సర్వీసు డబ్బుకి తగ్గట్టే ఉంటుంది. అసలు ఏ కాగితం కావాలో చెప్పే పనిలో మాత్రం దీన్ని నమ్ముకోవద్దు. ఆ జాబితా పెళ్ళి నమోదు చేసే విదేశీ ఆఫీసు నుంచి ఈమెయిల్లో రాతపూర్వకంగా తెప్పించుకున్నాకే ఏజెంటు దగ్గరికి వెళ్ళాలి.

ఏజెంటు ఎందుకంటే, విదేశాంగ శాఖ 2012 నుంచి ప్రజల దగ్గర నేరుగా కాగితాలు తీసుకోవడం లేదు. గుర్తింపు పొందిన ఏజెన్సీల ద్వారానే వెళ్ళాలి. అక్కడికి వెళ్ళేముందే కాగితానికి మొదట నోటరీ, ఆ తర్వాత రాష్ట్ర ప్రభుత్వ ధ్రువీకరణ అయి ఉండాలి. రాష్ట్రం బదులు ఢిల్లీలోని సబ్ డివిజనల్ మేజిస్ట్రేట్ (ఎస్‌డీఎం) ముద్ర వేయించే దారీ ఉంది. త్వరగా తేలుతుందని చాలామంది ఏజెంట్లు అటే పంపుతారు. అవతలి ఆఫీసు రాష్ట్ర ముద్రే కావాలంటే మళ్ళీ మొదటికి రావాలి, కాబట్టి ఏ దారిలో పంపుతున్నారో రసీదు మీదే రాయించండి. బిల్లు కూడా విడగొట్టి అడగాలి. అపోస్టిల్‌కి ప్రభుత్వ రుసుము ఒక్కో కాగితానికి 50 రూపాయలే. మిగతాదంతా ఏజెన్సీ సేవా రుసుము, కొరియరు, ఏజెంటు కూలి. కూలి తీసుకోవడం న్యాయమే, అది ఎంతో దాచడం న్యాయం కాదు.

దేశాన్ని బట్టి నియమాలు మారే చోటే ఈ సర్వీసు ఎక్కువగా తప్పుతుంది. భారత్ 2005లో అపోస్టిల్ ఒప్పందంలో చేరినప్పుడు జర్మనీ అభ్యంతరం చెప్పింది. అందుకే మన అపోస్టిల్ అక్కడ చెల్లదు. అక్కడి నమోదు కార్యాలయం అడిగితే జర్మన్ రాయబార కార్యాలయం ద్వారా కాగితాల మీద విచారణ జరుగుతుంది, దానికి నెలలు పడుతుంది. జర్మనీకి అపోస్టిల్ చేయిస్తామనే ఏజెంటు దగ్గర్నుంచి లేచి వచ్చేయండి. కెనడాకి 2024 జనవరి 11 నుంచి అపోస్టిల్ చాలు, ఎంబసీ అటెస్టేషన్ పేరుతో డబ్బు కట్టనక్కర్లేదు. యూఏఈ ఒప్పందంలో లేదు, అక్కడికి ఎంబసీ ముద్ర తప్పదు. అమెరికాలో చాలా కౌంటీల్లో పాస్‌పోర్టు చూపిస్తే మ్యారేజ్ లైసెన్సు ఇస్తారు, సింగిల్ స్టేటస్, అంటే పెళ్ళి కాలేదన్న ప్రమాణపత్రం, అడగరు.

అడిగే దేశాల్లో మాత్రం పని ఆగేది ఎక్కువగా ఆ సింగిల్ స్టేటస్ అఫిడవిట్ దగ్గరే. మామూలుగా దీన్ని వంద రూపాయల స్టాంపు పేపరు మీద రాయిస్తారు. పిల్లలు విదేశంలో ఉంటే తల్లో తండ్రో ప్రమాణం చేయవచ్చు, స్టాంపు పేపరు ఆ ప్రమాణం చేసేవారి పేరునే కొనాలి. పాస్‌పోర్టులో ఉన్నట్టే పేరు, నంబరు, పుట్టిన తేదీ, తండ్రి పేరు, చిరునామా, ఇంతవరకు పెళ్ళి కాలేదన్న మాట, చేసుకోబోయే వ్యక్తి పేరు, పాస్‌పోర్టు నంబరు, జాతీయత అందులో ఉండాలి. విడాకులైనవారు "పెళ్ళి కాలేదు" అని రాయకూడదు. విడాకుల డిక్రీ (కోర్టు తీర్పు) తేదీ పేర్కొని, కోర్టు సర్టిఫైడ్ కాపీ కూడా అపోస్టిల్ చేయించాలి. నోటరీ రిజిస్టరు సంఖ్య లేకపోయినా, ముద్ర సగమే పడినా, తేదీలు పొంతన లేకపోయినా పైవాళ్ళు తిప్పి పంపుతారు. మంచి ఏజెంటు వీటిని కౌంటరు దగ్గరే పట్టుకుంటాడు. అతనికిచ్చే డబ్బు ప్రధానంగా ఈ చూపు కోసమే. చాలా ఆఫీసులు మూడు నుంచి ఆరు నెలల లోపు అఫిడవిట్‌నే తీసుకుంటాయి, అందుకే దీన్ని అన్నిటికన్నా చివర చేయించాలి.

మన పేర్ల సంగతి ఏజెంట్లు దాదాపు ఎవరూ ముందుగా చెప్పరు. పదో తరగతి సర్టిఫికెట్లో ఇంటిపేరు ఒక్క అక్షరమై ఉంటుంది, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటుంది, విశాఖ నగరపాలక సంస్థ (జీవీఎంసీ) ఇచ్చే బర్త్ సర్టిఫికెట్లో ఒక్కోసారి బిడ్డ పేరే ఉండదు. విదేశీ గుమాస్తాకి వీళ్ళు ముగ్గురు మనుషులు. బర్త్ సర్టిఫికెట్లో పేరు ముందు చేర్పించుకోండి. మిగిలిన తేడాలకి ఆ పేర్లన్నీ ఒకే మనిషివన్న అఫిడవిట్ చేయించి, దానికీ అపోస్టిల్ వేయించండి. లామినేషన్ చేసిన కాగితం తీసుకోరు. దాన్ని ఊడదీయబోయి చింపుకోకుండా కొత్త కాపీ తెచ్చుకోవడం మేలు.

ప్యాకేజీలో పోలీస్ క్లియరెన్స్ ఉంటే ఎందుకో అడగండి. అది సాధారణంగా తర్వాతి వీసాకి అవసరం, పెళ్ళికి కాదు. మర్రిపాలెం పాస్‌పోర్టు ఆఫీసు ద్వారా 500 రూపాయల రుసుముతో మీరే తెచ్చుకోవచ్చు.

1969 విదేశీ వివాహ చట్టం కింద భారత రాయబార కార్యాలయంలోనే పెళ్ళి చేసుకునే వీలుందన్న సంగతి కూడా ఏజెంట్లు చెప్పరు. జంటలో ఒకరైనా భారత పౌరులై ఉండాలి, నోటీసుకి ముందు ఒకరు అక్కడ కనీసం 30 రోజులు నివసించి ఉండాలి. అభ్యంతరాలకి మరో 30 రోజులు ఆగాలి, పెళ్ళికి ముగ్గురు సాక్షులు కావాలి. నోటీసిచ్చిన ఆరు నెలల్లో పెళ్ళి జరగకపోతే మళ్ళీ నోటీసివ్వాలి. స్థానిక చట్టం ఒప్పుకోని దేశంలో అధికారి నిరాకరించవచ్చు కాబట్టి, టికెట్లు కొనకముందే ఆ కార్యాలయాన్ని అడగండి.