నల్లగొండలో ఏ పేస్టు మేలు: ఫ్లోరైడ్ ఉన్నదా, లేనిదా?

నల్లగొండ జిల్లాలో ఫ్లోరైడ్ అనగానే జనానికి గుర్తొచ్చేది వంకర తిరిగిన కాళ్లు, గార పట్టిన పళ్లు. మర్రిగూడ, మునుగోడు, చండూరు, నాంపల్లి వైపు ఆ మాట వింటేనే భయం. అందుకే కిరాణా కొట్లో పేస్టు డబ్బా తిప్పి చూసి, "ఫ్లోరైడ్ లేంది ఉందా అన్నా? మా తాన నీళ్లలోనే మస్తున్నదాయె, మళ్ల పేస్టుల గూడ ఎందుకు?" అని అడిగే తల్లులు ఇక్కడ ఎక్కువ. అడగడంలో తప్పేం లేదు. కాకపోతే బోరునీళ్ల మీద ఉండాల్సిన భయం పేస్టు మీదికి మళ్లింది. నన్నడిగితే పెద్దవాళ్లకు ఫ్లోరైడ్ ఉన్న పేస్టే మేలు. పిల్లల సంగతికి వస్తే, ఇంట్లో తాగేది ఏ నీళ్లో ముందు తేలాలి.

పంటి పైన ఉండే ఎనామిల్ కాల్షియం, ఫాస్ఫేట్ కలిసి గట్టిపడిన స్ఫటికాల పొర. మనం తీపి తిన్నప్పుడల్లా నోట్లోని బాక్టీరియా ఆ చక్కెరను ఆమ్లంగా మారుస్తుంది. నోట్లో పీహెచ్ (ఇది ఎంత తగ్గితే ఆమ్లం అంత ఎక్కువున్నట్టు) 5.5 కంటే కిందికి దిగితే ఎనామిల్‌లోని ఖనిజం కొంచెం కొంచెంగా కరగడం మొదలవుతుంది. తర్వాత లాలాజలం ఆ ఆమ్లాన్ని తగ్గించి, తనలోని కాల్షియం, ఫాస్ఫేట్‌లను మళ్లీ పంటికి అందిస్తుంది. కరగడం, పూడటం రోజంతా నడుస్తూనే ఉంటాయి. పూడే వేళకు లాలాజలంలో కాస్త ఫ్లోరైడ్ ఉంటే ఆ పని త్వరగా జరుగుతుంది. కొత్తగా పేరుకునే పొర కూడా పాతదానికంటే మొండిది. అది కరగాలంటే పీహెచ్ దాదాపు 4.5 దాకా పడిపోవాలి. పుచ్చు మొదట్లో పంటి మీద సున్నం చుక్కలా తెల్లటి మచ్చగా కనిపిస్తుంది. గుంత పడకముందు ఆ దశలోనే దాన్ని ఆపే అవకాశం ఉంది. గుంత పడ్డాక ఏ పేస్టూ పూడ్చలేదు.

ఈ మేలంతా పంటి పైపొర దగ్గరే జరుగుతుంది. దానికోసం ఫ్లోరైడ్ కడుపులోకి పోవాల్సిన పని లేదు. కీడు మాత్రం మింగితేనే. పళ్ల ఫ్లోరోసిస్ వచ్చేది పన్ను ఇంకా చిగురు లోపల తయారవుతున్నప్పుడు, అంటే సుమారు ఎనిమిదేళ్ల లోపు. ముందు పళ్లకైతే మొదటి మూడు నాలుగేళ్లే ఎక్కువ ప్రమాదం. ఆ వయసులో ఒంట్లోకి ఎక్కువ ఫ్లోరైడ్ పోతే ఎనామిల్ లోపల గుల్లగా తయారవుతుంది. పన్ను బయటికొచ్చాక ఆ గుల్లలోకి రంగు ఎక్కి గోధుమ గారగా కనిపిస్తుంది. ముప్పై ఏళ్ల మనిషికి పేస్టు వల్ల కొత్తగా గార రాదు, ఉన్న గార పేస్టుతో పోదు.

ఒకసారి లెక్క వేద్దాం. మన దేశంలో పేస్టులో ఫ్లోరైడ్ 1000 పీపీఎం, అంటే గ్రాము పేస్టుకు ఒక మిల్లీగ్రాము, దాటకూడదని నిబంధన. బఠాణీ గింజంత పేస్టు పావు గ్రాము అనుకుంటే, అందులో ఫ్లోరైడ్ పావు మిల్లీగ్రాము. అందులోనూ చాలా భాగం ఉమ్మేస్తాం. అదే లీటరుకు 4 మిల్లీగ్రాములున్న బోరునీళ్లు ఎండాకాలంలో మూడు లీటర్లు తాగితే ఒక్క రోజులో 12 మిల్లీగ్రాములు లోపలికి పోతుంది. పేస్టుతో అంత కావాలంటే బఠాణీ గింజంత పేస్టును రోజుకు 48 సార్లు పూర్తిగా మింగాలి. తాగేనీళ్లకు లీటరుకు 1 మిల్లీగ్రాము మంచిదని, వేరే దిక్కు లేకపోతే 1.5 దాకా సరిపెట్టుకోవచ్చని భారతీయ ప్రమాణం. కాబట్టి డబ్బా మీది అక్షరాల కంటే ముందు చూడాల్సింది బిందెలోని నీళ్లు.

ఆ నీళ్ల విషయంలో ఇప్పటికీ ఒక పొరపాటు జరుగుతోంది. చౌటుప్పల్‌లో 2015లో పైలాన్ వేసిన మిషన్ భగీరథ (ఇంటింటికీ నల్లా నీళ్లిచ్చే ప్రభుత్వ పథకం) వచ్చాక చాలా ఊళ్లకు కృష్ణా నీళ్లు అందాయి. అయినా కొన్ని ఇళ్లలో తాగడానికి నల్లా నీళ్లు, వంటకు బోరు నీళ్లు. అన్నం, పప్పు, చాయ్ అన్నీ బోరు నీళ్లతోనే అయితే ఫ్లోరైడ్ ఆ దారినే ఒంట్లోకి పోతుంది. కాచితే పోతుందనుకోవడం ఇంకో పొరపాటు. నీరు ఆవిరై ఫ్లోరైడ్ ఇంకా చిక్కబడుతుంది. ఆర్వో మెషీన్ చాలామటుకు తీసేస్తుంది. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను అడుగుకు దించే పద్ధతికి ప్రపంచమంతా 'నల్లగొండ టెక్నిక్' అనే పేరు. నాగ్‌పూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరీ దాన్ని తయారుచేసింది. మన జిల్లా పేరు పాఠ్యపుస్తకాలకు ఎక్కింది ఇలాంటి కారణంతోనా అని అప్పుడప్పుడు బాధేస్తుంది.

ఇక ఫ్లోరైడ్ లేని పేస్టులు. లవంగం, వేప, ఉప్పు పేరుతో వచ్చేవాటిలో చాలావరకు పళ్లు శుభ్రం చేస్తాయి, నోటికి మంచి వాసన ఇస్తాయి. ఎనామిల్ మరమ్మతు మాత్రం వాటితో దాదాపు లాలాజలం మీదే వదిలేసినట్టు. రోజుకు నాలుగు చాయ్‌లు, బిస్కెట్లు, కూల్‌డ్రింకులు నడిచే నోటికి అది చాలదు. హైడ్రాక్సీ అపటైట్, అంటే ఎనామిల్‌లో ఉండే కాల్షియం ఫాస్ఫేట్ ఖనిజమే, ఉన్న పేస్టులు వేరు. జపాన్‌లో ఎప్పటినుంచో వాడుతున్నారు. ఫలితాలు ఆశాజనకంగానే ఉన్నాయి కానీ, ఫ్లోరైడ్‌కున్నంత పరీక్షల బలం ఇంకా రాలేదు, ధర కూడా ఎక్కువ.

వేపపుల్లను నేను తీసిపారేయను. నమిలి కుంచెలా చేసి ఓపికగా తోమితే పాచి బాగానే పోతుంది. ఉదయం పుల్ల, రాత్రి పడుకునే ముందు ఫ్లోరైడ్ పేస్టు అంటే నాకేం అభ్యంతరం లేదు. బొగ్గు, ఇటుక పొడి మాత్రం వద్దే వద్దు. గార పోతుందని నిమ్మచెక్కతో రుద్దేవాళ్లూ ఉన్నారు. నకిరేకల్ మార్కెట్ నిండా నిమ్మకాయలే కదా, చేతికి అందుతుంది మరి! గుల్లబారిన ఎనామిల్ మీద పులుపు పోసి రుద్దితే ఉన్నది కూడా అరిగి పళ్లు జివ్వుమంటాయి.

పేస్టు కొనేటప్పుడు డబ్బా వెనక చూడండి. సోడియం ఫ్లోరైడ్, సోడియం మోనోఫ్లోరోఫాస్ఫేట్, స్టానస్ ఫ్లోరైడ్ ఏదున్నా పనికొస్తుంది. ఎన్ని పీపీఎం అన్నది, ఎప్పటిదాకా వాడొచ్చన్నది ట్యూబు మీద కూడా ఉండాలి. తోమాక నురగ ఉమ్మేసి ఊరుకోండి. గ్లాసుడు నీళ్లతో పుక్కిలిస్తే పంటి మీద ఉండాల్సిన ఫ్లోరైడ్ కాస్తా సింకులో పోతుంది. ఇది చాలామందికి మింగుడుపడని సలహా, నాకూ అలవాటు కావడానికి టైమ్ పట్టింది.

పిల్లలకు మూడేళ్ల లోపు బియ్యపు గింజంత, ఆరేళ్ల దాకా బఠాణీ గింజంత చాలు. టీవీ యాడ్‌లో చూపించినట్టు బ్రష్షు నిండా మెలికలు తిప్పొద్దు. పేస్టు పెద్దవాళ్లే వేసి, ఉమ్మేదాకా పక్కన నిలబడాలి. మంచి నీళ్లు తాగే ఇంట్లో ఇలా చేస్తే ఫ్లోరైడ్ పేస్టుకు భయపడక్కర్లేదు. ఇంకా బోరునీళ్లే తాగుతూ, పేస్టు తీయగా ఉందని మింగేసే పసివాడుంటే మాత్రం ఫ్లోరైడ్ లేనిదే వాడి, డెంటిస్టును అడిగి నిర్ణయించుకోవడం మేలు. అలాంటి ఇంట్లో పేస్టు మార్చి నీళ్లు మార్చకపోతే ఒరిగేదేం లేదు.

ఇప్పటికే గార ఉన్నవాళ్లకు పుచ్చు రాదనుకోవద్దు. ఫ్లోరోసిస్ ముదిరిన పళ్ల మీది గుంటల్లో తిండి ఇరుక్కుని పుచ్చు పడుతుంది. వాళ్లకూ రాత్రిపూట ఫ్లోరైడ్ పేస్టే. అవసరమైతే డెంటిస్టు ఆరునెలలకోసారి ఫ్లోరైడ్ వార్నిష్ పూస్తారు. గార పోవాలంటే దారి వేరు. తేలికపాటి మచ్చలైతే పైపొరను సన్నగా అరగదీసి గానీ, బ్లీచింగ్ చేసి గానీ తగ్గిస్తారు. ముదిరితే పంటి రంగు ఫిల్లింగో, పైన అతికించే వెనీరో వేయాలి. ఖర్చు ముందే అడిగి కుర్చీ ఎక్కండి.